నలభై గజాల రివాల్వరు

నేను రివాల్వరు కొన్నానని చెప్పగానే మా నాన్న ఫోన్లో కాసేపు ఏం మాట్లాడలేదు. తరవాత మెల్లిగా, "ఏటిరా, ఉద్యోగం గాని పోయిందా?" అన్నారు. సాలూరులో పుట్టి, ఇంజనీరింగు చదివి, టెక్సాస్ వచ్చి జావా రాసుకుని బతుకుతున్న కొడుకు తుపాకీ కొన్నాడంటే ఏ తండ్రికైనా అలాంటి అనుమానాలే వస్తాయి లెండి.

ఉద్యోగం ఉంది. తుపాకీ కొన్నది అడివి పందుల వేటకి.

పందులతో మా ఇంటికి పాత పరిచయమే. సాలూరు అంటే అందరికీ లారీలు గుర్తొస్తాయి, కోరాపుట్ ఘాట్ రోడ్డు గుర్తొస్తుంది. మొన్నమొన్నటిదాకా విజయనగరం జిల్లా, 2022 ఏప్రిల్ నించి పార్వతీపురం మన్యం జిల్లా. పాచిపెంట వైపు కొండ వార మాకు రెండెకరాలుంది. మొక్కజొన్న కండె పాలు పట్టే టైముకి పందుల మంద దిగుతుంది. తినేది పావలా, తొక్కి పాడుచేసేది ముప్పావలా. మంచె మీద కాపలా, డబ్బాలు వాయించడం, టార్చిలైట్లు.. వారం రోజులు భయపడతాయి, తరవాత అలవాటు పడిపోతాయి. అప్పుడే కొంతమంది చేను చుట్టూ తీగ కట్టి దొంగ కరెంటు వదుల్తారు.

మా పొలం కౌలుకి చేసే ఆయన్ని నేను చిన్నప్పట్నించీ మావయ్యా అనే పిలిచేవాణ్ణి. నేను ఇంజనీరింగు మూడో సంవత్సరంలో ఉండగా, తెల్లారగట్ల నీళ్ళు మళ్ళించడానికి వెళ్తూ ఎవరిదో చేను గట్టు మీద అలాంటి తీగ తొక్కేసాడు. పంది కోసం కట్టిన తీగ. కట్టినాయన కూడా దుర్మార్గుడేం కాదు, అప్పు చేసి జొన్న వేసినవాడు. ఆ చావు ఆయన్ని కూడా జైలు దాకా తీసుకెళ్ళింది. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానో చివర్లో తెలుస్తుంది.

సరే, విషయానికొస్తే. టెక్సాస్‌లో అడివి పందులు పాతిక లక్షలకి పైనే ఉంటాయని అంచనా. స్పెయిన్ వాళ్ళు తెచ్చిన ఊరపందులు అడివి పట్టి, తరవాత వేటకోసం తెచ్చి వదిలిన యూరప్ అడివి పందులతో కలిసిపోయాయి. రైతులకి అక్కడా ఇదే ఏడుపు. మా టీంలో ఒక పెద్దాయన (యాభై దాటాయి, సి ప్లస్ ప్లస్ వీరుడు) ఏటా వాళ్ళ బావమరిది పశువుల క్షేత్రంలో పందుల వేటకి వెళ్తాడు. రైఫిల్‌తో కాదు, రివాల్వర్‌తో. నన్నూ రమ్మన్నాడు.

ఇక్కడ ఒక తమాషా చట్టం ఉంది. హెచ్1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు అమెరికాలో తుపాకీ దగ్గర పెట్టుకోకూడదు. ఉన్న కొద్ది మినహాయింపుల్లో ఒకటి, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉండడం. సొంత భూమిలో యజమాని ఒప్పుకుంటే అడివి పందిని కాల్చడానికి టెక్సాస్‌లో 2019 నించి లైసెన్సే అక్కర్లేదు. అంటే పందికి అక్కర్లేదు, నాకు కావాలి! ఆ లైసెన్సు కోసం వేట పాఠాలు చదివి పరీక్ష రాసా. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తరవాత గానీ పుట్టిన వాళ్ళందరికీ అది తప్పనిసరి. లైసెన్సు గడువు ఆగస్టు 31తో అయిపోతుంది. మరచిపోతే ఇంట్లో ఉన్న తుపాకీ ఆ అర్ధరాత్రి నించి నేరం అయిపోతుంది. ఫోన్లో మూడు రిమైండర్లు పెట్టుకున్నా.

ఏది కొనాలి? మన దేశంలో లైసెన్సు మీద ఎక్కువగా కనిపించేది కాన్పూరులో తయారయ్యే .32 రివాల్వరు. దాంతో పందిని కొడితే దానికి కోపం వస్తుంది, అంతే. పెద్ద మగపందికి భుజాల మీద గట్టి తోలు కవచంలా ఉంటుంది. అందుకని వేటకి పెద్ద తూటా కావాలంటారు. షూటింగ్ రేంజిలో మూడు ప్రయత్నించా. .357 మాగ్నం హాయిగా ఉంది గానీ పెద్దాయన పెదవి విరిచాడు. దగ్గర్లో, అనుభవం ఉన్నవాడి చేతిలో అయితే సరిపోతుందిట, నాకు కాదుట. .454 కాసుల్ ఒక్కటి కాల్చేసరికి అరచెయ్యి తిమ్మిరెక్కి, మర్నాడు కీబోర్డు మీద సెమీకోలన్ కొట్టడం కష్టమైంది. మిగిలింది .44 మాగ్నం. 1950ల మధ్యలో స్మిత్ అండ్ వెస్సన్ వాళ్ళు తెచ్చారు, 1971లో డర్టీ హ్యారీ సినిమా దాన్ని ప్రపంచానికి చూపించింది. పేరు .44 గానీ నిజానికి గుండు వ్యాసం .429 అంగుళాలే. వెర్షన్ నంబర్లని నమ్మకూడదని ఇక్కడా తెలిసింది.

.44 మాగ్నం తీసుకోవడానికి అసలు కారణం వేరు. అందులో .44 స్పెషల్ అనే పాత, నెమ్మదైన తూటా కూడా పడుతుంది. సాధనకి అది, వేటకి ఇది. నేను కొన్నది రూగర్ సూపర్ రెడ్‌హాక్. బ్యారెల్ ఏడున్నర అంగుళాలు, బరువు కిలోన్నర. నడుముకి కట్టుకుంటే ప్యాంటు జారిపోతుంది గానీ, బరువెంత ఉంటే వెనక్కి తన్నడం అంత తగ్గుతుంది.

కొనడం సులువే. చేతికి తెచ్చుకోవడమే కష్టం. మొదట రెండు రెట్లు పెద్దగా చూపించే స్కోపు బిగించా. దాంతో గురి కంటే నా చెయ్యి వణుకే పెద్దగా కనిపించింది. తీసేసి రెడ్ డాట్ పెట్టా, ఎర్ర చుక్క ఎక్కడుంటే గుండు అక్కడ. చెక్క పిడి కంటే రబ్బరు పిడే నయం. చెవుల్లో ప్లగ్గులు, వాటి మీద మఫ్‌లు, రెండూ ఉండాల్సిందే. ఇంకొకటి, సిలిండరుకీ బ్యారెల్‌కీ మధ్య సన్న సందు ఉంటుంది. కాల్చినప్పుడు అందులోంచి నిప్పులాంటి వాయువు పక్కలకి చిమ్ముతుంది. రైఫిల్‌కి పట్టినట్టు ముందుకి చెయ్యి ఆనిస్తే వేళ్ళ మీద ఆశ వదులుకోవాలి.

ఇన్ని చేసినా గుళ్ళు కిందికే పోతున్నాయి. చుక్క సర్దా, స్క్రూలు బిగించా, తూటాల కంపెనీ మార్చా. పెద్దాయన నవ్వి, నాలుగు గదుల్లో తూటాలు, రెండింట్లో కాల్చేసిన ఖాళీ తొడుగులు పెట్టి, సిలిండర్ తిప్పి నా చేతికిచ్చాడు. ఏది ఎప్పుడొస్తుందో నాకు తెలీదు. ఖాళీది వచ్చింది, పేలలేదు. కానీ తుపాకీ మూతి జానెడు కిందికి వంగింది! పేలుడికి ముందే నేను ఉలిక్కిపడుతున్నానన్నమాట. బగ్గు తుపాకీలో లేదు, నాలో ఉంది. నెలన్నర పాటు .44 స్పెషల్‌తో, ఖాళీ తొడుగులతో అదే పని.

చివరి పరీక్ష, ఆరంగుళాల పేపరు ప్లేటు. పంది గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు అంత అనుకోవాలి. ఆరు గుళ్ళూ ప్లేటులో పడే దూరం ఏదో అదే నీ వేట దూరం, గజం కూడా ఎక్కువ కాదు. కర్రల ఆసరాతో 50 గజాల్లో ఆరుకి ఆరు. 75లో మూడు. బతికున్న జంతువు ముందు గుండె దడ కూడా ఉంటుంది కాబట్టి పది తగ్గించుకోమన్నాడు. నా దూరం నలభై గజాలు. తూటా వందల గజాలు పోతుంది, నేను మాత్రం నలభయ్యే.

నవంబరులో వెళ్ళాం. మొదటి సాయంత్రం, వెలుగు పోతుండగా ముళ్ళ పొదల్లోంచి నల్లటి ఒళ్ళు ఒకటి బయటికొచ్చింది. తల గడ్డిలో ఉంది. దూరం నలభైలోపే. చుక్క భుజం మీద నిలబడింది, చెయ్యి వణకలేదు. ప్లేటు పరీక్షలో అయితే నూటికి నూరు. కానీ తల కనిపించలేదు కదా అని వేలు ట్రిగ్గర్ బయటే ఉంచా. పెద్దాయన కూడా ఏం మాట్లాడలేదు. నిమిషం తరవాత అది తలెత్తింది. ఆవు దూడ. వాళ్ళ బావమరిదిదే, నల్ల ఆంగస్ దూడ.

రివాల్వరు కిందికి దించేసాక చేతులు వణికాయి. ఆ మసక వెలుతురులో నాకు గుర్తొచ్చింది దూడ కాదు, మావయ్య. ఆ తెల్లారి కూడా ఇంతే వెలుతురు ఉండి ఉంటుంది. తీగకి నిమిషం ఆగడం తెలీదు. తలెత్తేదాకా చూడడం తెలీదు. నేను ఇన్ని నెలలు నేర్చుకున్నదంతా ఎప్పుడు కాల్చకూడదో నేర్చుకోవడమే అని అప్పుడు అర్థమైంది. మిగతాదంతా స్క్రూలు బిగించడం.

మర్నాడు పొద్దున్న ముప్పై గజాల్లో ఒక పందిని కొట్టా. ఇరవై అడుగులు పరిగెత్తి పడింది. గొప్పగా ఏం అనిపించలేదు, బాధగానూ లేదు. ఎక్కువసేపు బాధపడకుండా పోయింది అని మాత్రం అనుకున్నా. కూర మాత్రం, మన మసాలా వేసి మూడు గంటలు ఉడికిస్తే, అద్భుతం.

ఇదంతా నాన్నకి చెప్పా. మొత్తం విని, "ఆ తుపాకీ ఇక్కడికి తేలేవు కదా?" అన్నారు. తేలేను. తెచ్చినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పంది మీద పేల్చడం కుదరదు. పంట నష్టం చేసే పందిని చంపాలన్నా సెక్షన్ 11 కింద అధికారులు అనుమతివ్వాలి.

"అదంతా ఎంతయిందిరా?"

చెప్పా. మళ్ళీ ఫోన్లో నిశ్శబ్దం.

"ఆ డబ్బుతో మన చేను చుట్టూ సోలారు తీగ వచ్చీసేది కదరా!"

నిజమే. సోలారు కంచెలో కరెంటు ఆగకుండా పారదు. బ్యాటరీతో నడిచే డబ్బా ఒకటి సెకనుకో రెండుకో ఒక్కసారి, సెకనులో చాలా చిన్న వంతు సేపు షాకు వదులుతుంది. ముట్టుకుంటే అదిరిపడి వెనక్కి పోవాల్సిందే గానీ, సరిగ్గా బిగిస్తే ప్రాణం తియ్యదు. ఆ నెల జీతంలోంచి పంపించా. వెలగపూడి నించి కాదు, వాషింగ్టన్ నించి కాదు, నా జేబులోంచి! (అలా చెప్పుకోవడం బావుంది గానీ, ముందే పంపాల్సింది.)

మొన్న నాన్న ఫోన్ చేసారు. పందులు వచ్చాయట, ముట్టుకున్నాయట, కేకలేసుకుంటూ పోయాయట. పోయి పక్క చేలో పడ్డాయట! ఆయన ఇప్పుడు మండిపోతున్నాడు, కరెంటు తీగ కట్టేస్తానంటున్నాడు.

ఈ ఏడాది రివాల్వరుకి మంచి రెడ్ డాట్ కొందామనుకున్నా. ఆ డబ్బు పక్క చేనుకి పోయింది. పాత చుక్కే నలభై గజాలకి చాలు.