చాకు కూడలి నుంచి రజా గ్రంథాలయం వరకు

ఢిల్లీకి తూర్పున సుమారు 190 కిలోమీటర్ల దూరంలో, మొరాదాబాద్, బరేలీ నగరాల నడుమ రాంపూర్ ఉంది. 1774లో రోహిల్లా పఠాన్ నాయకుడు నవాబ్ ఫైజుల్లా ఖాన్ ఈ సంస్థానానికి పునాది వేశారు. 1949లో భారతదేశంలో విలీనమయ్యే వరకు అది నవాబుల ఏలుబడిలోనే ఉంది. ఖిలాఫత్ ఉద్యమానికి ఊపిరి పోసిన మౌలానా ముహమ్మద్ అలీ జౌహర్, ఆయన అన్న మౌలానా షౌకత్ అలీ ఈ గడ్డ బిడ్డలే. దేశపు తొలి సాధారణ ఎన్నికలలో మౌలానా అబుల్ కలాం ఆజాద్‌ను లోక్‌సభకు పంపిందీ ఈ ప్రాంతమే. ఇంతటి చరిత్ర ఉన్నా, రాంపూర్ అనగానే చాలామంది నోట ముందుగా వచ్చే మాట చాకు.

ఊరు కూడా ఆ పేరును కాదనుకోలేదు. 2023లో ఇక్కడి ఒక కూడలిలో దాదాపు 20 అడుగుల పొడవైన చాకును నిలబెట్టారు. ఆ చోటిని ఇప్పుడు చాకు చౌక్ అంటున్నారు. బాటసారులు దాని ముందు ఆగి ఫొటోలు తీసుకుంటారు. మేమూ కాసేపు ఆగి చూశాము. విగ్రహం అంత ఎత్తుకు పెరిగిన ఈ కాలంలోనే, అసలు చాకు చేసే చేతులు ఒక్కొక్కటిగా తగ్గిపోతున్నాయన్న సంగతి అక్కడి నుంచి బజారులోకి నడిచాక గాని మాకు అర్థం కాలేదు.

రాంపురీ అంటే మడిచి జేబులో పెట్టుకునే చాకు. పాతకాలపు చాకులలో అలుగు 9 నుంచి 12 అంగుళాల వరకు ఉండేది. పిడికి ఇత్తడి తొడుగు వేసి, దాని మీద నగిషీ చెక్కేవారు. మడిచినప్పుడు అలుగు పిడిలో ఒదిగిపోతుంది. తెరిచినప్పుడు లోపలి కమాను దాన్ని బిగించి పడుతుంది. ఆ బిగింపు వేళ వినిపించే ‘ఖట్’ అనే చప్పుడును బట్టి పనితనాన్ని అంచనా వేసే రసికులు ఉన్నారు. పేరు రావడానికి కారణం ఆ పనితనమే అయినా, దేశమంతటా పాకించింది మాత్రం బొంబాయి సినిమాలు. తెర మీద దుర్మార్గుడు కనిపిస్తే అతని చేతిలో రాంపురీ ఉండాలన్నంతగా ఆ అలవాటు ముదిరింది. దానితో పనివాడి ఖ్యాతి రౌడీ ఖాతాలో పడింది. 1990లలో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం నాలుగున్నర అంగుళాలకు మించిన అలుగుతో ఈ చాకులు చేయడాన్ని నిషేధించింది. ప్రాణరక్షణ కోసం ప్రభుత్వం తీసుకున్న నిర్ణయాన్ని తప్పుపట్టలేము. అయితే తరతరాలుగా ఆ పని తప్ప మరొకటి ఎరుగని కుటుంబాల పొయ్యి ఏమైందన్న ప్రశ్న కూడా న్యాయమైనదే.

మాతో వచ్చిన మిత్రులొకరికి చాకులు సేకరించే అభిరుచి ఉంది. ఆయన దగ్గర ఫ్రాన్సు పర్వత ప్రాంతమైన సావోయ్‌లో 1890లో పుట్టిన ఒపినెల్ కర్రపిడి చాకు ఉంది. 1897లో కార్ల్ ఎల్సెనర్ హక్కులు పొందిన స్విస్ చాకు వంశానికి చెందినదీ ఉంది. ఇలాంటి అభిరుచి ఉన్నవారు ఇద్దరు కలిస్తే, ‘ఇది ఇంకా ముందే కొనవలసింది’ అన్న మాట తప్పక దొర్లుతుందట. కొందరు వాడి చూశాక దాని విలువ తెలిసి అలా అంటారు. మరికొందరు ధర పెరిగాక అంటారు. మా మిత్రుడి చింత వేరు. “ఆ ఫ్రెంచి చాకు, ఈ స్విస్ చాకు రేపైనా దొరుకుతాయి. వాటిని చేసే కర్మాగారాలు నడుస్తూనే ఉన్నాయి. రాంపురీ విషయంలోనే వచ్చే ఏడు చూద్దామనుకుంటూ ఇరవై ఏళ్ళు గడిపేశాను” అన్నారాయన.

బజారులో ఒక చిన్న దుకాణం ముందు వృద్ధుడొకరు ఆకురాయితో ఇత్తడి పిడిని నునుపు చేస్తూ కూర్చున్నారు. సలాం చెప్పి పక్కనే కూర్చున్నాము.

“చాచా, పాతకాలం నాటి పెద్ద చాకు మీ చేతిది ఒకటైనా మిగిలి ఉందా?” అని మా మిత్రుడు అడిగారు.

“లేదు బేటా. నువ్వు నా తండ్రి ఉన్నప్పుడు రావలసింది” అని ఆయన నవ్వారు. “ఇప్పుడు చిన్నవే చేస్తాం. చట్టం చెప్పిన కొలతకు లోపలే. వాటిని కూడా అడిగేవారు తక్కువ. యంత్రం మీద చేసి వచ్చిన చవక చాకు పక్కన పెడితే మా ధర ఎక్కువగా కనిపిస్తుంది.”

“అబ్బాయిలకు ఈ పని నేర్పారా?”

“నేర్పాను. పెద్దవాడికి చెయ్యి కూడా వచ్చింది. వాడిప్పుడు ఈ-రిక్షా నడుపుతున్నాడు. సాయంత్రానికి డబ్బు కళ్ళజూస్తాడు. కూర్చో అని ఏ ముఖం పెట్టుకుని చెప్పను?”

ఆ మాటలో కోపం లేదు, నిందా లేదు. కొలిమిలో ఎర్రగా కాలిన ఉక్కును దాగలి మీద సాగదీయడం, అలుగు రూపం వచ్చాక మళ్ళీ కాల్చి ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరచడం, ఆ గట్టిదనంతో వచ్చే పెళుసును సన్నని సెగతో విరవడం, సాన మీద పదును తీయడం, చివరికి పిడితో జతకూర్చడం ఆయన మాకు విడమరచి చెప్పారు. సెగ కాస్త ఎక్కువైతే అలుగు మెత్తబడుతుంది. తక్కువైతే విరిగిపోతుంది. ఆ హద్దును ఉక్కు రంగు చూసి గుర్తుపట్టాలి. ఏ పుస్తకంలోనూ అది పూర్తిగా ఎక్కదు. ఒక చేతి నుంచి మరో చేతికి రావలసిందే. కొడుకు రిక్షా ఎక్కిన రోజున ఆ ఇంట తెగిపోయింది ఈ పరంపరే.

మా మిత్రుడు మూడంగుళాల అలుగున్న చాకు ఒకటి తీసుకున్నారు. పండ్లు కోసుకోవడానికి, దారాలు తెంపడానికి సరిపోయేది. బేరం ఆడలేదు. తన చేతి కష్టంతో సంపాదించి తిన్నదానికన్నా మేలైన ఆహారం లేదనీ, దావూద్ (అలై) కూడా తన చేతిపని మీదనే బతికేవారనీ దైవప్రవక్త (సఅసం) తెలిపిన హదీసు బుఖారీలో ఉంది. అల్లాహ్ ఆ దావూద్ (అలై) కొరకు ఇనుమును మెత్తబరచాడని దివ్యఖుర్ఆన్ చెబుతోంది. కొలిమి ముందు కూర్చున్నవాడి పని ఎంత గౌరవనీయమైనదో గ్రహించడానికి ఈ రెండూ చాలు.

ఇనుము పేరుతో దివ్యఖుర్ఆన్‌లో ఒక సూరాయే ఉంది. అల్ హదీద్ సూరా 25వ ఆయత్‌లో ఇనుములో మహా బలమూ ఉందని, ప్రజలకు ప్రయోజనాలూ ఉన్నాయని అల్లాహ్ తెలియజేశాడు. రాంపూర్ చాకు విషయంలో లోకం మొదటిదాన్నే చూసింది. రెండవదాన్ని చూడాలంటే ఊరి కోటలోకి వెళ్ళాలి.

కోట లోపల నవాబ్ హామిద్ అలీ ఖాన్ కట్టించిన హామిద్ మంజిల్‌లో 1957 నుంచి రజా గ్రంథాలయం నడుస్తోంది. ఫైజుల్లా ఖాన్ సొంత గ్రంథసంచయంతో మొదలైన ఈ నిధిలో నేడు సుమారు 17 వేల రాతప్రతులు ఉన్నాయి. తోలు పుటల మీద కూఫీ లిపిలో రాసిన ప్రాచీన ఖుర్ఆన్ ప్రతి ఉంది. పారశీకంలోకి అనువదించి రంగుల చిత్రాలతో అలంకరించిన వాల్మీకి రామాయణమూ ఉంది. ఆ అక్షరాలను రాసింది రెల్లు కలంతో. కలం మొనను ఏటవాలుగా చెక్కనిదే నస్తాలీఖ్‌లోని సన్నగీత, లావుగీత పలకవు. అలా చెక్కడానికి లేఖకులు దగ్గర ఉంచుకునే చిన్న చాకును ‘ఖలంతరాష్’ అంటారు. అంటే ఆ పుటలన్నిటి వెనుక చాకు పదును ఉన్నట్టే. అది ఎవరినీ గాయపరచలేదు. అల్లాహ్ వాక్కును కాగితం మీద నిలపడానికి సాయపడింది.

ఈ ఆలోచన మమ్మల్ని మన నేలకు కూడా తీసుకువచ్చింది. ప్రపంచంలో పేరుమోసిన దమస్కస్ కరవాలాలకు కావలసిన ఉక్కు ముద్దలు ఒకప్పుడు నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం నుంచి కూడా వెళ్ళేవి. పారశీక వర్తకులు వాటి కోసం అంత దూరం నుంచి వచ్చేవారు. ఆ కొలుములు చల్లారి చాలా కాలమైంది. ఆ విద్య ఎలా ఉండేదో తెలుసుకోవడానికి నేటి శాస్త్రజ్ఞులు చిట్టెపు రాళ్ళను పరీక్షించవలసి వస్తోంది. రాంపూర్‌కు ఆ గతి ఇంకా పట్టలేదు. అడిగితే చెప్పే చాచాలు ఇంకా ఉన్నారు.

రాంపూర్ వెళ్ళే పాఠకులకు కొన్ని మాటలు. చిన్న అలుగున్న, ఇంటి పనికి వచ్చే చాకునే కొనండి. 9 అంగుళాల పొడవు లేదా 2 అంగుళాల వెడల్పు దాటిన అలుగు, ఇంటి పనికో వ్యవసాయానికో చేసినది కాకపోతే, ఆయుధాల నియమాల కిందికి వస్తుంది. మీట నొక్కితే తెరుచుకునే చాకుల మీద ఢిల్లీలో విడిగా ఆంక్షలు ఉన్నాయి. విమానంలో చేతి సంచిలో ఏ చాకునూ అనుమతించరు.

ఇంటికి తెచ్చిన చాకుకు మర్యాదలూ ఉన్నాయి. ఒర నుంచి తీసిన కత్తిని అలాగే మరొకరి చేతికి అందించడాన్ని ప్రవక్త (సఅసం) వారించారు. తోటి సోదరుని వైపు ఆయుధం చూపడాన్ని వేళాకోళానికైనా నిషేధించారు. కనుక చాకును మడిచి ఇవ్వడం పిల్లలకు మొదటి పాఠం కావాలి. ఖుర్బానీ వేళ కత్తికి బాగా పదును పెట్టి జంతువుకు బాధ తగ్గించాలని హజ్రత్ షద్దాద్ బిన్ ఔస్ (రజి) ఉల్లేఖించిన హదీసులో ఉంది. పదును అక్కడ కరుణ కోసమే. జంతువు చూస్తుండగా కత్తి నూరరాదన్న బోధ కూడా ఆ కరుణలో భాగమే.

చాకును ఆలస్యంగా కొన్నవారి చింత మహా అయితే ఒక వస్తువుతో తీరిపోతుంది. చేతిపనివాడు వెళ్ళిపోయాక మిగిలే లోటు అలాంటిది కాదు. మన ఊళ్ళలోనూ కొలిమి వెలిగించే కమ్మరి, కత్తెరకు సాన పట్టే ముసలాయన, తాళాలు బాగుచేసే చాచా ఉంటారు. వచ్చే బక్రీద్‌కు కత్తి కావలసివస్తే ముందు వారి గుమ్మం తొక్కుదాము. అడిగిన ధర ఇచ్చి, పక్కన పిల్లవాణ్ణి కూర్చోబెట్టి ఆ పని ఎలా జరుగుతుందో చూపిద్దాము.