హస్తవాసి ఎవరిది?

"ఆటల మీద ఏదైనా రాయండి డాక్టరుగారూ" అని సంపాదకులుగారు అడిగినప్పుడు నవ్వొచ్చింది. గుంటూరులో చదివే రోజుల్లో హాకీ కర్ర పట్టిన మాట నిజమేగాని, గట్టున కూర్చున్న రోజులే ఎక్కువ. అయినా ఈమధ్య ఒక ఆట నాచేత ఒక కాగితం చింపించింది. ఆ సంగతే మనవి చేస్తాను.

మా విభాగంలో ఒక కుర్ర డాక్టరున్నాడు. అతని కాంట్రాక్టు పొడిగించాలా వద్దా అన్నదానికి నా అభిప్రాయం అడిగారు. రిజిస్టరు తిరగేశాను. తోటివాళ్లకంటే తక్కువమంది రోగుల్ని చూశాడు. "చురుకుదనం చాలదు" అని రాశాను, సంతకం మాత్రం మర్నాటికి ఉంచాను.

ఆ సాయంత్రం మా వీధి చివర చిన్లోన్ ఆడుతున్నారు. మీకు తెలిసిందే: లొంజీలు పైకి బిగించి ఆరుగురు గుండ్రంగా తిరుగుతూ, పేముతో అల్లిన బంతిని కింద పడకుండా ఆడతారు. ఎదుటి జట్టుండదు. నడుమ ఒకడు విన్యాసాలు చేస్తుంటే మిగతావాళ్లు బంతి అందిస్తుంటారు. 2013లో నేపిడాలో జరిగిన ఆగ్నేయాసియా క్రీడల్లో దీనికి పతకాలు కూడా ఇచ్చారు.

నడుమనున్న కుర్రాడు అద్భుతంగా ఆడుతున్నాడు. ఇంతలో అంచునున్న నెరిసిన జుట్టు పెద్దాయన టీకి వెళ్లాడు, ఇంకొకరు వచ్చారు. కుర్రాడు వరసగా మూడుసార్లు బంతి జారవిడిచాడు. కాళ్లు అవే, బంతీ అదే. పెద్దాయన అందించే బంతి సరిగ్గా మోకాలి ఎత్తున దిగేదని అప్పుడుగాని తెలియలేదు.

హాకీలోనూ అంతేకదా! 1932 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు ఆడిన రెండాటల్లో 35 గోల్స్ చేస్తే, 25 అన్నదమ్ములు ధ్యాన్‌చంద్, రూప్‌సింగ్‌లవే. అమెరికాపై 24-1తో గెలిచిన ఆటలో తమ్ముడివి 10, అన్నవి 8. పక్కపక్కన ఆడిన ఆ ఇద్దరిలో ఎవరి గొప్ప ఎంతో గోల్స్ లెక్క ఒక్కటే చెప్పగలదా?

ఊళ్లో నాకు హస్తవాసి మంచిదని పేరుండేది. నేను అడక్కముందే పరికరం చేతిలో పెట్టే సిస్టరుగారు పక్కనుండేవారు. ఇక్కడికొచ్చిన మొదటి ఆరునెలలూ, ఆవిడ లేక, భాష రాక, నా చెయ్యి ఎంత నెమ్మదించిందో నాకు తెలుసు. నా అదృష్టం, అప్పుడు ఎవరూ నా రిజిస్టరు తిరగెయ్యలేదు.

మర్నాడు రిజిస్టరు మళ్లీ తీసి, ఈసారి పక్కన ఎవరున్నారో చూశాను. అతనికి పడినవన్నీ దాదాపు రాత్రి డ్యూటీలు, కొత్తగా చేరిన నర్సులతో. సీనియర్ సయామతో పనిచేసిన కొద్ది రోజుల్లో అతని లెక్క ఎవరికీ తీసిపోలేదు. పైగా, అతని దగ్గర పని నేర్చుకున్న అమ్మాయిలే పగలు నా డ్యూటీలోకి వచ్చి, చెప్పకుండానే పనులు చక్కబెడుతున్నారు. నా మంచి లెక్కలో అతని వాటా ఉందన్నమాట.

లోపమంతా పక్కవాళ్లదేనని అనను. కేసు షీట్లు ఆలస్యంగా రాస్తాడు. ఆ మాట అతనితోనే చెప్పాను. పాత కాగితం చింపి, చూసింది చూసినట్టు కొత్తది రాసిచ్చాను. పైవాళ్లు ఏం నిర్ణయిస్తారో వచ్చేవారం తెలుస్తుంది.

ఇంతకీ, మూడు నెలలుగా ఆ ఆట చూస్తున్నా, నడుమ ఆడే కుర్రాడి పేరే తెలుసు నాకు. పెద్దాయన పేరు ఇవాళ అడగాలి. ఊళ్లో సిస్టరుగారికీ ఫోన్ చెయ్యాలి.