ఖానామెట్టులో ఒక మారుతి మరమ్మతు

హైటెక్ సిటీ మెట్రో స్టేషను మెట్లు దిగి, 1998 నవంబరు 22న నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించిన సైబర్ టవర్స్ భవనమును వెనుకకు విడిచి, హైటెక్స్ ప్రదర్శనశాలల దిక్కుగా ఖానామెట్టునకు పోవు త్రోవలో నడచువానికి, అద్దపు గోడల మహాసౌధములకును, వాని నీడపట్టున బ్రతుకుచున్న రేకుల షెడ్డులకును నడుమ దూరము ఎంత స్వల్పమో అడుగడుగునను తెలియుచుండును. టిఫిను బండ్లు, హాస్టళ్ల బోర్డులు, పంచరు దుకాణములు దాటిన పిమ్మట, ఒక వేపచెట్టు మొదట, పాత టైర్లు గుట్టగా పడియున్న చోట, నేను చూడదలచిన మెకానిక్కు షెడ్డు కనబడెను. అది రోహిణీకార్తె, రోళ్ళు పగులునన్న మాట అబద్ధము కాదనిపించు ఎండ. ఆ ఎండనే కోరి ఎంచుకొంటిమనియు, మృగశిర ప్రవేశించి తొలకరి పడులోగా పని ముగియవలెననియు బండి యజమాని నాకు ముందుగనే ఫోనులో చెప్పియుండెను.

ఆయన ఈ ప్రాంతముననే ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. పుట్టి పెరిగినది నల్గొండ జిల్లా. బండి 1997 నాటి మారుతి 800. ఉపాధ్యాయవృత్తి నుండి విశ్రమించిన తండ్రి కొన్నది. రాష్ట్రము వేరుపడి, క్రొత్త బండ్ల పలకలపై 2014లో టీఎస్ అను అక్షరములును, 2024లో టీజీ అను అక్షరములును వచ్చినను, ఈ బండి మాత్రము తన ఏపీ 9ని విడువక అటులనే నిలిచియున్నది. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ తొలి బండి తాళములను కొనుగోలుదారు చేతికి అందించినది మొదలు, 2014 జనవరిలో చివరి బండి తయారగు వరకు, ముప్పది ఏండ్లు ఈ దేశపు మధ్యతరగతివాని కారు కోరికకు రూపమై నిలిచినది ఈ మారుతియే. మూడు సిలిండర్లు, 796 సీసీల ఇంజను, పండ్రెండంగుళముల చక్రములు: ఇంతే దాని సంపద. మన హైదరాబాదులో దీని అమ్మకము అంతకు ముందే, భారత్ స్టేజ్ 4 కాలుష్య నిబంధనలు పదమూడు నగరములలో అమలునకు వచ్చిన 2010 ఏప్రిల్‌లోనే, ఆగిపోయెను. కాని అమ్మకము ఆగినంత మాత్రమున వాహనము ఆగునా? ఇంజను ఇప్పటికిని ఒక్క తిప్పుతో అందుకొనునని యజమాని గర్వముగా చెప్పి, చేసి చూపించెను కూడ. చిక్కంతయు ఇంజనుతో కాదు, రేకుతో.

పూర్వమొక పర్యాయము ఆయన ఈ బండిని ఒక గ్యారేజీకి ఇచ్చెనట. వారు తుప్పుపట్టిన భాగమును పైపైన గీకి, లప్పము పెట్టి, ఉప్పుకాగితముతో నునుపు చేసి, కంటికి ఇంపుగా రంగు కొట్టి ఇచ్చిరి. రెండు వానకాలములు గడచునప్పటికి ఆ లప్పము బుడగలు బుడగలుగా లేచి, క్రింది రేకుతో సహా ఊడి చేతికి వచ్చెను. ఈసారి మరియొక చోట అడుగగా, బండి అమ్మినచో వచ్చు ధరకంటె మరమ్మతు కూలియే మిన్నగా చెప్పిరి. అప్పుడు ఆయన, తాను చేయదగినదెల్ల తానే చేసికొని, చేయరానిదానిని మాత్రమే ఉస్తాదునకు విడుచుటకు నిశ్చయించుకొని, ఆదివారములు ఈ షెడ్డులో ఒక మూల అడిగి తీసికొనెను. పదునైదేండ్లు నిండిన సొంత కారునకు రిజిస్ట్రేషను ఐదేండ్లకొకసారి పొడిగించుకొనవలయును; బండిని రవాణా కార్యాలయమున చూపవలయును. ఆ రుసుము 2022 ఏప్రిల్ వరకు ఆరు వందలుండి, ఒక్కమారుగా ఐదు వేలైనది. 2025లో ఇరువదేండ్లు దాటినవానికి పదివేలు చేసిరి. పాతబండిని ఉంచుకొనుట ఒక విలాసమని ప్రభుత్వమువారు తలచుచున్నట్లున్నది. 1997 నాటి ఈ బండికి తరువాతి పొడిగింపు 2027లో కలదు, తొందర అందులకే.

ఇనుమునకు నీరును, గాలిలోని ప్రాణవాయువును ఒక్కచోట దొరికిన చాలును, తుప్పు పుట్టును. ఉప్పు తోడైనచో శీఘ్రతరముగా పుట్టును. విశాఖలోను చెన్నపట్టణములోను తిరిగిన బండ్లు మన హైదరాబాదు బండ్లకంటె ముందుగా చివుకుటకు హేతువిదియే. పుట్టిన తుప్పు తాను తినివేసిన ఇనుముకంటె ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమించును గనుక, పైనున్న రంగును లోపలినుండి పొంగించి పగులగొట్టి, తనకు కావలసిన నీటికి తానే ద్వారము తెరచుకొనును. అల్యూమినియము మీద ఏర్పడు పొర వలె ఇది గట్టిగా అంటిపెట్టుకొని లోహమును కాపాడునది కాదు, గుల్లయైనది. అయినను ఢిల్లీ ఇనుప స్తంభము పదునారు వందల ఏండ్ల వానలకు ఏల నిలిచెనని మనకొక ప్రశ్న ఉన్నది కదా. ఆ పురాతనపు ఇనుములో భాస్వరము అధికముగా ఉండుటచే లోహపు ఉపరితలమున ఒక ఫాస్ఫేటు పొర ఏర్పడి రక్షించుచున్నదని కాన్పూరు ఐఐటీ లోహశాస్త్రజ్ఞుడు ఆర్. బాలసుబ్రహ్మణ్యం వివరించినాడు. ఈ షెడ్డులో ఇంజనీరు కుంచెతో పూయుచున్న ద్రావకము కూడ ఫాస్ఫారికామ్లముతో చేసినదే. ఎర్రని తుప్పుపై అది తగిలినంతనే కొంచెము బుసబుసలాడి, క్రమముగా నలుపెక్కెను. గుప్తుల కాలపు కమ్మరి ఎరుగకయే సాధించినదానిని ఖానామెట్టులో సీసాలో కొని తెచ్చుకొనుచున్నారు.

నేను వెళ్ళునప్పటికి ముందు సీట్లు ఊడదీసి చెట్టుక్రింద పెట్టియున్నవి. రబ్బరు మ్యాటు ఎత్తి, దాని క్రింద తారుపొరను కొంత చెక్కివేసి, డ్రైవరు కాలుపెట్టు చోట ఇంజనీరు స్క్రూడ్రైవరు మొన ఆనించి మెల్లగా నొక్కెను. అప్పడమువలె రేకు విరిగి, క్రింది నేల కనబడెను. ఆ రంధ్రము చుట్టును ఎంతవరకు మెత్తనైనదో పొడిచి పొడిచి చూచి, సుద్దతో ఒక గీత గీసెను. గట్టి రేకు తగిలిన చోట శబ్దమే వేరు. అది చెవికి తెలియును.

ఉస్తాదు అరువదికి పైబడిన వ్యక్తి. ముషీరాబాదున పని నేర్చినాడట. ఆయన అప్పటివరకు పక్కన ఒక ఆటో గేరుబాక్సు విప్పుచుండి, తల ఎత్తకయే అనెను: “రేకు తర్వాత కొడదం సార్. ముందు నీళ్ళు ఎక్కడికెళ్లి వస్తున్నయో చూడు.”

“డోరు రబ్బరు నుంచే అనుకున్న ఉస్తాద్.”

“అనుకుంటే కాదు. పోసి చూడాలె.”

అంతట ఇంజనీరు టార్చి పట్టుకొని డాష్‌బోర్డు క్రింద తల దూర్చి వెల్లకిల పండుకొనెను. షెడ్డు కుర్రవాడు చెంబుతో నీరు తెచ్చి, మొదట తలుపు అంచున, తరువాత అద్దము రబ్బరు వెంట, తుదకు వైపర్ల క్రిందనుండు జాలీలోనికి సన్నని ధారగా పోసెను. మొదటి రెండు చోట్ల ఏమియు లేదు. మూడవదాని వంతున కొంత సేపటికి లోపలినుండి కేక వినబడెను. జాలీ ఊడదీసి చూడగా, నీరు బయటికి పోవు మార్గమంతయు కానుగాకులతోను, తురాయి పూరేకులతోను, ఈ ప్రాంతమున ఎడతెగక లేచు కట్టడముల సిమెంటు ధూళితోను కూడుకొని, నల్లని గట్టి ముద్దయై యుండెను. బయటికి పోలేని వాననీరు అక్కడ నిలిచి, రెండు రేకులు కలియు అతుకునుండి దిగి, తారుపొర క్రింద చేరి, ఎన్ని ఏండ్లుగానో ఆ నేలను తినుచు వచ్చినది. పైన కారుటకును క్రింద చివుకుటకును నడుమ రెండు మూరల దూరమున్నది. లప్పము పెట్టినవారు అంత దూరము పోయి వెదకలేదు.

తలుపుల సంగతియు అంతే. అద్దమువెంట లోనికి దిగిన నీరు పోవుటకై తలుపు అడుగున చిన్న చిన్న బెజ్జములుండును. అవి పూడిపోయిన తలుపు లోలోపల తొట్టియై నిలుచును. ఇంజనీరు సైకిలు చువ్వతో ఒక్కొక్కదానిని పొడువగా, ఎర్రని నీరు బొటబొట రాలెను. బ్యాటరీ తీసి దాని క్రింది పళ్ళెమును సోడా నీటితో కడిగెను, ఆమ్లము అక్కడ చేసిన పని చూడవలసినదే. ఈ పనులకు నేర్పు మిక్కిలి అక్కరలేదు. ఓపిక అపారముగా కావలయును. ఏ గ్యారేజీ బిల్లులోనైనను ‘ఆకులు తీసినందులకు’ అని ఒక పద్దు ఉండగా నేను చూడలేదు. కొలిచి వెల కట్టదగినది పూత, అతుకు, రంగు. నీటి జాడ పట్టి గంటలకొలది పండుకొనుటకు కూలి ఎవరిచ్చెదరు? కనుక తుప్పు విషయమున మాత్రము సొంతచేతి పని పొదుపుకొఱకు కాదు, అది తప్ప మరియొక గతి లేకనే అని నాకు తోచినది.

అయితే సొంతచేతికి హద్దులును కలవు. వానిని గీయువాడు ఉస్తాదు. ఈ బండికి లారీకి వలె వేరుగా చాసిస్ లేదు, రేకు శరీరమే బరువంతయు మోయును. కాబట్టి వెనుక చక్రపు సస్పెన్షను బిగించు చోట తుప్పును ఇంజనీరును ముట్టనీయలేదు. జాకీ ఒక్కదానినే నమ్మి బండిక్రింద దూరినవానిని ఈ షెడ్డులో తిట్టకుండ విడువరు. ఇనుప స్టాండ్లు నాలుగును పెట్టిన తరువాతనే పని. నేలకు అతుకు వేయునప్పుడు బ్యాటరీ తీగ విప్పి, తారుపొర చుట్టును తొలగించి, ఇసుక బకెట్టు దగ్గర ఉంచుకొని, ఉస్తాదు కార్బన్ డయాక్సైడు వెల్డింగు పట్టెను. పలుచని రేకునకు గ్యాసు వెల్డింగు వేడి ఎక్కువై వంకరలు పోవునట. ఆయన ఒక చుక్క ఇక్కడ, మరియొక చుక్క దాని కెదుటి అంచున, ఇంకొకటి మూలన, ఇట్లు ఎక్కడను వేడి నిలువనీయక నాలుగు ప్రక్కల తిరిగి, చల్లారినపిమ్మట ఆ చుక్కలను కలుపుచు పోయెను. ఆ తరువాత ఆకురాయి, అతుకులకు సీలర్, దానిపై ప్రైమరు, అడుగున నల్లని పూత. ఇదంతయు మరల ఇంజనీరు వంతు.

ఇక్కడికి సమీపముననే, రాయదుర్గమున, 2023 మార్చి 2న ప్రారంభమైన టీ-వర్క్స్ ఉన్నది. క్రొత్త వస్తువులకు నమూనాలు చేయగోరువారికి లేజరు యంత్రములు, లోహపు పనిముట్లు అన్నియు ఒకచోట సమకూర్చిన 78,000 చదరపుటడుగుల భవనము. మంచిదే. ఉన్నదానిని నిలుపుకొనువానికి ఇటువంటి చోటు మరియొకటి కట్టవలెనని ఎవరికిని తోచినట్లు లేదు. వేపచెట్టును, ఉస్తాదు దయయును మాత్రము కలవు.

నేను సెలవు తీసికొనుచుండగా ఎడమ తలుపు మీద వివాదము సాగుచుండెను. అడుగంతయు పోయినదని, తుక్కుబండి నుండి వేరొకటి తెచ్చుకొమ్మని ఉస్తాదు. అతుకు వేయవచ్చునని ఇంజనీరు. సికింద్రాబాదు రాణీగంజ్‌లో ఈ బండికి రబ్బర్లు, బుష్షులు, బ్రేకు సామానులు ఇప్పటికిని దొరకుచున్నవి గాని, తలుపు మాత్రము పాత బండినుండియే రావలయును. తనకు తెలిసినచోట ఒకటి ఉన్నదని, తెల్లరంగుదని, తుప్పు లేదని ఉస్తాదు చెప్పి, ఒక ధర పలికెను. నీలి బండికి తెల్ల తలుపేమిటని ఇంజనీరు.

“రంగు నువ్వు కొట్టుకుంటవు కద సార్, అందుకే ఐదొందలు తగ్గించి చెప్పిన.”