కారు పాతది, బిల్లు కొత్తది

సెకండ్ హ్యాండ్‌లో పెద్ద కారు కొనాలనుకున్నవాళ్లు ముందుగా చూసేది ధర ఎంత పడిపోయిందన్నదే. నాలుగేళ్ల కిందట రోడ్డెక్కేసరికి ముప్పై లక్షలు దాటిన బండి ఇవాళ పద్దెనిమిది పందొమ్మిదికి వస్తోందంటే ఎవరికైనా మనసు లాగుతుంది. అయితే తగ్గింది బండి ధర ఒక్కటే. దాని బ్రేకు డిస్కులు, టర్బో, గేర్‌బాక్సు, హెడ్‌లైట్ల రేట్లు రూపాయి తగ్గవు, ఏటా పెరుగుతాయి కూడా. ముప్పై లక్షల కారుని పద్దెనిమిదికి కొన్నా సర్వీస్ కౌంటరు దగ్గర కట్టేది ముప్పై లక్షల కారు బిల్లే. 2025 దసరా వెళ్లాక నేను బండి వెతకడం మొదలుపెట్టింది ఈ లెక్క చేత్తో పట్టుకునే.

మేముండేది రాజమండ్రిలో. సొంతూరు అమలాపురం అవతల, అత్తగారి ఊరు భీమవరం పక్కన. వారం తిరిగేసరికి రెండిట్లో ఏదో ఒక దిక్కుకి ప్రయాణం ఉంటుంది. అమ్మ, నాన్న, మేమిద్దరం, పాప. వెళ్లేటప్పుడు డిక్కీ ఖాళీ, వచ్చేటప్పుడు బియ్యం బస్తా, కొబ్బరికాయలు, అరటి గెల. పదేళ్ల డిజైర్ ఈ చాకిరీ అంతా చేసింది. దానికి చేతకానిదల్లా ఓవర్‌టేక్. జొన్నాడ, రావులపాలెం మీదుగా పదహారో నంబరు హైవేలో ఎంత బండైనా పోతుంది. అసలు కథ కాలువ గట్టు రోడ్ల మీద, 216 హైవేలో రెండే వరుసలున్న చోట్ల. గడ్డి ట్రాక్టరు రోడ్డంతా కప్పుకుని పోతుంటుంది, వెనక లైటు ఉండదు. మాసూళ్ల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. ఎదుటివైపు ఖాళీ దొరికేది కాసేపే. ఆ కాసేపట్లో దాటేసి మన వరుసలోకి వచ్చెయ్యాలి. కుటుంబాన్ని కూర్చోబెట్టుకున్నవాడికి ఇంజను బలం అవసరమయ్యేది అక్కడే, ఆ బండిని అంతే గట్టిగా ఆపే బ్రేకులు అవసరమయ్యేదీ అక్కడే. గంటకు రెండొందల వేగం మాకెందుకు? అరవై నుంచి వందకి ఎంత తొందరగా వెళుతుందన్నదే నాకు కావలసిన కొలత.

ఈ ధరలో, ఈ బలంతో, వెనక సీటూ డిక్కీ కూడా ఉన్న సెడాన్ అంటే మన దేశంలో తిరిగి తిరిగి స్కోడా ఆక్టేవియా దగ్గరకే వస్తాం. దాని ఆర్‌ఎస్ రకం 2004లోనే ఇక్కడికి వచ్చింది. తర్వాత 2017లో 230 హార్స్‌పవర్ వీఆర్‌ఎస్ అయిదు వందల బండ్లు, 2020లో 245 హార్స్‌పవర్‌వి రెండొందలు. 2025 అక్టోబరులో మళ్లీ ఆర్‌ఎస్ వంద బండ్లు తెచ్చి ఒక్కోటి 49 లక్షల 99 వేలకు అమ్మారు. ఆ వార్త పేపర్లో చూసి నాన్న, "ఒరే అబ్బాయ్, నువ్వు చెప్పేది ఈ కారేనా?" అని కళ్లజోడు సవరించుకున్నారు. "దీని అన్నయ్యండి నాన్నగారూ" అన్నాను.

2017 వీఆర్‌ఎస్ ఒకటి వైజాగ్‌లో చూశాను. నడిపితే దిగబుద్ధి కాలేదు. ఆరు గేర్ల తడి క్లచ్ గేర్‌బాక్సు గట్టిది, అరవై వేల కిలోమీటర్లకోసారి ఆయిల్ మారిస్తే మాట వింటుంది. అయినా వద్దనుకున్నాను. పద్దెనిమిది అంగుళాల చక్రాలకు టైరు పక్కగోడ బాగా పలచన, మన లంకల దారుల్లో గోతిలో పడితే టైరుతో పాటు రిమ్ము కూడా పోతుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మ అంత కిందికి కూర్చుని లేవడం కష్టం. మూడో కారణం పూర్తిగా డబ్బుది. తక్కువ బండ్లే వచ్చాయి కాబట్టి దాని ధర దిగదు, అడిగే రేటులో ఒక భాగం ఆ అరుదుకే. అరుదైన వస్తువుకి అదనం కట్టి రోజూ స్కూలు గేటు ముందు, రైతుబజారు దగ్గర వదలడం నాకు నచ్చలేదు. దాచుకునేవాళ్లకు అది మంచి కొనుగోలు, వాడుకునేవాళ్లకు కాదు.

2020 దాకా వచ్చిన 1.8 టీఎస్ఐ చాలా చవగ్గా దొరుకుతోంది. 180 హార్స్‌పవర్, అందమైన బండి. దాంట్లో ఏడు గేర్ల పొడి క్లచ్ గేర్‌బాక్సు ఉంటుంది. ఆ గేర్‌బాక్సు తట్టుకోగల టార్క్ 250 న్యూటన్ మీటర్లు, ఇంజను ఇచ్చేదీ సరిగ్గా 250. ఎండాకాలం కోటగుమ్మం ట్రాఫిక్‌లో పాక్కుంటూ పోతే దాని క్లచ్చులు వేడెక్కుతాయి. దాన్ని నడిపించే మెకట్రానిక్ యూనిట్ చెడితే బిల్లు లక్షల్లోకి వెళుతుంది. బండిలో మిగిలిన నాలుగు లక్షలు అక్కడే ఖర్చయిపోవచ్చు. చవక బండి కొని ఆ రిస్కు నెత్తిన పెట్టుకోవడం కన్నా కాస్త ఎక్కువ పెట్టి దాన్ని వదిలించుకోవడం మేలనిపించింది.

అలా 2021 జూన్‌లో వచ్చిన తరం దగ్గర ఆగాను. 2.0 లీటర్ల టర్బో పెట్రోలు, 190 హార్స్‌పవర్, 320 న్యూటన్ మీటర్లు, తడి క్లచ్ గేర్‌బాక్సు, ఆరొందల లీటర్ల డిక్కీ, ఎనిమిది ఎయిర్‌బ్యాగులు. అప్పటి షోరూం ధర 25.99 లక్షల నుంచి. 2023లో ఉద్గారాల నిబంధనలు మారినప్పుడు దీన్ని ఇక్కడ ఆపేశారు. ఆపేసిన మోడల్ అంటే జనం వెనకాడతారు, అందుకే ధర దిగింది. కొంటున్నవాడికి అది కలిసొచ్చే సంగతే, అయితే అమ్మేటప్పుడు అదే వెనకడుగు మనకీ తగులుతుంది. ఆ లెక్క ముందే వేసుకోవాలి.

ఇదే డబ్బుకి కొత్త బండి ఎందుకు తీసుకోలేదని మా బావగారు అడిగారు. న్యాయమైన ప్రశ్న. వర్చుస్, స్లావియాల్లో 1.5 లీటర్ల ఇంజను 150 హార్స్‌పవర్ ఇస్తుంది, వెర్నా టర్బో 160. మూడింటికీ గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో అయిదు నక్షత్రాలు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి కార్ల మీద సెస్సు పోయి నలభై శాతం జీఎస్టీ ఒక్కటే మిగిలింది, కాబట్టి ధరలూ తగ్గాయి. కానీ మన రాష్ట్రంలో 2022 నుంచి పది లక్షలు దాటిన కారుకి జీవిత పన్ను పదిహేడు శాతం, ఇరవై దాటితే పద్దెనిమిది. పద్దెనిమిది లక్షల బండికి మూడు లక్షల పైన పన్నే అవుతుంది. బండి పాతబడితే ఆ మూడు లక్షలు తిరిగి చేతికి రావు. మొదటి ఓనరు కట్టేసిన బండిలో ఆ నష్టం అతనిది. అయినా బావగారికి ఒక్క మాట గట్టిగా చెప్పాను: కొన్న తర్వాత రెండు లక్షలు విడిగా పక్కన పెట్టలేనివాళ్లు వారంటీ ఉన్న కొత్త చిన్న సెడానే కొనాలి. పాత పెద్ద కారుకి వారంటీ మన బ్యాంకు ఖాతానే.

నంబరు ప్లేటు కూడా డబ్బు విషయమే. హైదరాబాద్‌లో ఇలాంటి బండ్లు కోకొల్లలు. కానీ తెలంగాణ బండి ఇక్కడ ఏడాది దాటి ఉంచాలంటే అక్కడి నుంచి ఎన్‌వోసీ తెచ్చి, వయసుని బట్టి లెక్కగట్టిన జీవిత పన్ను ఇక్కడ మళ్లీ కట్టి, కొత్త నంబరు వేయించుకోవాలి. బేరంలో మిగిలింది అక్కడికి సరి. ఇక మన పక్కనే ఉన్న యానాం. పీవై04 ప్లేటుతో పెద్ద కార్లు కోనసీమ అంతా కనబడుతుంటాయి, పుదుచ్చేరిలో పన్ను తక్కువ కాబట్టి. యానాంలో నిజంగా ఉండేవాళ్లకు అది హక్కు. రాజమండ్రిలో కాపురముంటూ అక్కడి అడ్రసు చూపించడం తప్పుడు పని, పట్టుబడితే పన్నూ జరిమానా కలిపి వడ్డిస్తారు. కేరళలో 2017లో ఇదే విషయం మీద సినిమావాళ్ల దాకా కేసులు వెళ్లాయి. నేను ఏపీ39 ప్లేట్లే వెతికాను.

అన్నిటికన్నా భయపెట్టింది నీళ్లు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు వీధులు రోజుల తరబడి మునిగాయి. కార్లు పైకప్పు దాకా నీళ్లలో ఉన్న ఫొటోలు అందరం చూశాం. "ఆ బండ్లన్నీ కడిగి, ఆరబెట్టి, సెంటు కొట్టి ఏ ఊరెళ్లాయో ఎవరికి తెలుసండీ?" అన్నాడు మా మెకానిక్. అతన్ని వెంటపెట్టుకునే ప్రతి బండీ చూశాను. సీటు బెల్టుని పూర్తిగా బయటికి లాగించేవాడు, చివర ఉన్న గుడ్డ మీద నీటి చార ఉంటుందేమోనని. సీటు పట్టాల బోల్టులు, స్టెపినీ కింద గొయ్యి, ఫ్యూజు పెట్టె మూలలు, హెడ్‌లైటు లోపలి తేమ. "కార్పెట్టు ఎత్తి చెయ్యెట్టి చూడండి గురువుగారూ, ముక్కు మోసపోద్ది గానీ చెయ్యి మోసపోదండి" అనేవాడు. ఆ వేళ్లకి ఒండ్రు తగిలి ఒక నిగనిగలాడే బండి దగ్గర నుంచి వెంటనే వచ్చేశాం.

కాగితాల్లో కూడా ఇలాంటి ఆనవాళ్లుంటాయి. పాత ఓనరు బీమా పాలసీలో నో క్లెయిమ్ బోనస్ ఎంతుందో చూడండి. క్లెయిమ్ లేకపోతే ఏటా 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. నాలుగో ఏడు నడుస్తున్న పాలసీలో బోనస్ సున్నా ఉంటే, ఓనరు మధ్యలో మారకపోతే, నిరుడు ఏదో జరిగిందనే అర్థం. ఏం జరిగిందో అడిగి బిల్లు చూపించమనాలి. సర్వీస్ రికార్డుల్లో తేదీలు, కిలోమీటర్లు వరసగా పెరుగుతున్నాయా, ఆర్‌సీలో బ్యాంకు పేరు ఉంటే ఫారం 35, బ్యాంకు ఎన్‌వోసీ సిద్ధంగా ఉన్నాయా అన్నవి అడ్వాన్సు ఇవ్వక ముందే తేలాలి.

చివరికి వైజాగ్‌లో ఒక డాక్టరు గారి దగ్గర, మొదటి ఓనరు, నలభై రెండు వేల కిలోమీటర్లు తిరిగిన బండి దొరికింది. డీలరు దగ్గరైతే అతని లాభం మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ ఉంటుంది, అదీ మన ధరలోనే కలుస్తుంది. వ్యక్తి నుంచి వ్యక్తికి అమ్మితే అది లేదు. అమ్మని వెనక సీట్లో కూర్చోబెట్టి బీచ్ రోడ్డు చుట్టి వచ్చాం. "దిగడానికి చెయ్యి అందిస్తే చాలు, ఎక్కడం బాగానే ఉందిరా" అంది. 18.75 లక్షలకు కుదిరింది.

నేను పెట్టుకున్న గీత ఇరవై రెండు లక్షలు, అందులోనే అన్నీ. బండి 18.75. బీమా, పేరు మార్పు అరవై అయిదు వేలు. కొనగానే ఆయిళ్లన్నీ, గేర్‌బాక్సు ఆయిల్‌తో సహా, బ్యాటరీ, ముందు బ్రేకు ప్యాడ్లు మార్పించడానికి అరవై వేలు. మిగిలిన రెండు లక్షలు విడి ఖాతాలో. డిజైర్ అమ్మితే నాలుగొచ్చింది, చివరి నెలల దాకా పాడకుండా ఉంచిన చీటీ నుంచి తొమ్మిది, డిపాజిట్ నుంచి తొమ్మిది. అప్పు చెయ్యలేదు. పాత కారుకి పన్నెండు శాతం వడ్డీతో పది లక్షలు అయిదేళ్లకు తీసుకుంటే నెలకు 22,244 చొప్పున మూడు లక్షల ముప్పై అయిదు వేలు వడ్డీకే పోతుంది. పంట పేరు మీద తక్కువ వడ్డీకి బంగారం తాకట్టు పెట్టి కారు కొనమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. ఆ అప్పు సార్వాకీ దాళ్వాకీ ఇచ్చేది. ఎరువుల బస్తా కొనాల్సిన సమయానికి నగలు విడిపించుకోలేక మా పొలం చేసే కౌలు రైతు దగ్గర గింజుకోవడం నాకిష్టం లేదు.

డిజైర్ మీద నాకున్న యాభై శాతం బోనస్ కొత్త ఓనరుకి పోలేదు, పోకూడదు. ఆ బోనస్ మనిషిదే గానీ బండిది కాదు. కంపెనీ నుంచి లేఖ తీసుకుంటే మూడేళ్ల లోపు కొనే ఇంకో కారుకి వాడుకోవచ్చు. అలా నా ప్రీమియంలో సొంత నష్టం భాగం సగానికి తగ్గింది. ఒకటిన్నర లీటరు దాటిన ఇంజనుకి థర్డ్ పార్టీ 7,897 రూపాయలు ఎలాగూ తప్పదు. మిగిలిన డబ్బుతో ఇంజను రక్షణ కవరు జోడించాను. అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మన డెల్టాలో బతికేవాళ్లకు ఈ కవరు విలాసం కాదు. నీళ్లలో ఆగిన ఇంజనుని మళ్లీ స్టార్ట్ చేస్తే లోపలి రాడ్లు వంగిపోతాయి, మామూలు పాలసీ దానికి డబ్బివ్వదు.

ఏడాదికి పన్నెండు వేల కిలోమీటర్లు, లీటరుకి సగటున పన్నెండు, పెట్రోలు నూటపది చొప్పున లక్షా పదివేలు. యానాంలో లీటరు పది రూపాయలకు పైనే తక్కువ. అమలాపురం నుంచి కాకినాడ వెళుతుంటే అక్కడే ట్యాంకు నింపుతాను. దానికోసమే రాజమండ్రి నుంచి వెళితే పోనూ రానూ తాగే పెట్రోలుకే మిగిలింది చాలదు. ఇప్పుడు అన్ని బంకుల్లోనూ ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే. 2023కి ముందు తయారైన ఈ బండి దానికోసం చేసింది కాదు కాబట్టి మైలేజీలో కొంత తరుగు వేసుకునే ఆ పన్నెండు రాశాను. ఇంధన గొట్టాలు, సీళ్లు ప్రతి సర్వీసులో చూపించుకోవాలి.

పెట్రోలు కాక నెలకు పది వేలు కారు ఖాతాలో వేస్తున్నాను. అందులో బీమా, సర్వీసు, టైర్ల వాటా పోగా ఏడాదికి ముప్పై వేల దాకా నిల్వకు చేరుతుంది. బండి ఏటా కోల్పోయే విలువ రెండు లక్షలు వేసుకుంటే మొత్తం కలిపి నెలకు దాదాపు ముప్పై ఆరు వేలు. మా ఆవిడ ఈ అంకె చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పాప ఫీజు, మన డిపాజిట్లు ముట్టుకోనంత వరకూ సరేనండి. ఆ ఖాతా పాస్‌బుక్ మాత్రం నా దగ్గరుంటుంది" అంది. అలాగే ఆవిడకిచ్చాను. ఇప్పుడున్న టైర్లు వానాకాలం దాకా రావని మెకానిక్ అంటున్నాడు. నాలుగిటికీ యాభై వేల దాకా అవుతుందట. ఖాతాలో ఆ వాటా ఇంకా నిండలేదు, తక్కువైంది దాళ్వా మక్తా డబ్బు చేతికి రాగానే కలిపి మే నెలలో మార్పిస్తాం.