చేతికి తెలిసే నునుపు

కారు కడిగి ఆరబెట్టిన తరువాత బానెట్ మీద ఒకసారి వేళ్ళు పోనిచ్చి చూడని మనిషి అరుదు. వేళ్ళు ఎక్కడా ఆగకుండా జారిపోతే సబ్బు మంచిదంటాము. ఎక్కడైనా పట్టుకున్నట్లు తోస్తే సబ్బును తప్పుపడతాము. రాజమహేంద్రవరంలో కారు కిరాయికి నడుపుకొనే మా మేనల్లుడు నన్ను అడిగినదీ ఇదే: “మామూ, కడిగిన తరువాత రంగు నున్నగా జారుతూ ఉండాలంటే ఏ సబ్బు కొనమంటారు?” జూనియర్ కళాశాలలో చాలాకాలం రసాయనశాస్త్రం చెప్పిన వాణ్ణి గనుక, సబ్బు గురించి అడగదగిన మనిషిని నేనేనని అతని నమ్మకం.

ఆ ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. కడుగుతున్నంతసేపూ గుడ్డకూ రంగుకూ నడుమ ఉండవలసిన జారుడు ఒకటి. కడగడం ముగిసి తడి ఆరిన పిమ్మట చేతికి తగిలే నునుపు మరొకటి. మొదటిది రంగును కాపాడుతుంది. రెండవది మనసుకు సంతోషం కలిగిస్తుంది. ఒక్కొక్కప్పుడు మోసగిస్తుంది కూడా. దుకాణంలో సీసాల మీద కనిపించే పొగడ్తలన్నీ దాదాపుగా రెండవదాని గురించే.

మొదటిది ఎందుకు ముఖ్యమో తెలియాలంటే మన డెల్టాలో కారు మీద చేరే మురికి ఎటువంటిదో చూడాలి. వరదల నెలల్లో గోదావరి ఎర్రనీరై ప్రవహిస్తుంది. ఆ నీటితోపాటు వచ్చిన ఒండ్రు ఎండితే పొడిలా లేస్తుంది. ఏటిగట్ల మీద ఇసుక లారీల వెనుక పది కిలోమీటర్లు నడిస్తే చాలు, అద్దం మీద వేలితో పేరు వ్రాయవచ్చు. కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం పక్కగా పోవాలి. ఊకా దుమ్మూ కలిసి వచ్చి తలుపుల అడుగుభాగాన పేరుకుంటాయి. ఈ దుమ్ములో పెద్దపాలు సన్నని ఇసుకే. ఇసుక రేణువు కారు రంగుకన్నా గట్టిది.

నేటి కార్లలో రంగుకు పైన క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటుంది. సాధారణంగా దాని మందం నలభై, యాభై మైక్రాన్లు. మన తలవెంట్రుక మందం సుమారు డెబ్భై మైక్రాన్లు. అంటే కారు మెరుపంతా వెంట్రుకకన్నా పలుచని పొర మీద ఆధారపడి ఉన్నది. పొడిగుడ్డతో ఒకసారి గట్టిగా తుడిస్తే ఆ గుడ్డ కింద చిక్కిన ఇసుక రేణువు సన్నని గీత గీస్తుంది. రోజూ తుడిస్తే వేల గీతలవుతాయి. నీడలో కనిపించవు. ఎండలో నిలబెట్టి చూస్తే సాలెగూడు అల్లినట్లు వలయాలు వలయాలుగా తేలుతాయి. నలుపు, ముదురు నీలం రంగుల మీద మరీను. మా మేనల్లుడి కారు ముదురు నీలమే.

సబ్బు చేయవలసిన పని ఇక్కడ ఉన్నది. దాని అణువుకు ఒక కొస నీటిని ప్రేమిస్తుంది, మరొక కొస జిడ్డును ప్రేమిస్తుంది. అటువంటి అణువులు మురికి రేణువును చుట్టుముట్టి రంగు మీదినుండి ఊడదీస్తాయి. గుడ్డకూ రంగుకూ మధ్య పలుచని జారుడు పొరగా నిలిచి, ఊడిన రేణువు నలగకుండా నీటితో కొట్టుకొనిపోయే అవకాశం కల్పిస్తాయి. కడిగేటప్పుడు గుడ్డ తనంతట తానే జారిపోతున్నట్లుండాలి. బరువుగా ఈడ్చవలసి వస్తే ఆ సబ్బు ఎంత సువాసన వచ్చినా పనికిరాదు.

స్నానపు సబ్బుతో కడగవచ్చునా అని కొందరు అడుగుతారు. సబ్బు గొప్ప వస్తువు, కాదనలేము. మన ‘సబ్బు’, ఉర్దూలోని ‘సాబున్’, అరబీలోని ‘సాబూన్’ ఒకే కుటుంబానికి చెందిన మాటలు. రసాయనశాస్త్రంలో క్షారానికి వాడే ‘ఆల్కలీ’ అన్న పేరు కూడా బూడిదను సూచించే ‘అల్ ఖలీ’ అన్న అరబీ మాట నుండి వచ్చినదే. ఆలివ్ నూనెతో నాబులుస్‌లో చేసే సబ్బునూ, అలెప్పోలో చేసే సబ్బునూ 2024లో యునెస్కో మానవాళి వారసత్వ కళల జాబితాలో చేర్చింది. అయితే నూనెనూ క్షారాన్నీ కలిపి చేసిన అసలు సబ్బుకు ఒక బలహీనత ఉన్నది. కఠినజలంలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలతో కలిసి తెల్లని తెట్టుగా మారిపోతుంది. మన బోరు నీటిలో, అందులోనూ సముద్రానికి దగ్గరైన ఊళ్ళలో, ఆ లవణాలకు కొదవలేదు. బకెట్ అంచున మిగిలే ఆ తెల్లని జిగురే కారు మీదా మిగులుతుంది.

బట్టల పొడిలో చాకలిసోడా ఉంటుంది. దాని క్షారగుణం చెమటా నూనే వదిలించడానికి ఉద్దేశించినది, కారు రంగుకు కాదు. పైగా కరగని పలుకులే ఇసుక పని చేస్తాయి. గిన్నెలు తోమే ద్రవంతో ఒకసారి కడిగినందువల్ల కారు పాడైపోదు. కాని అది జిడ్డుతోపాటు రంగు మీద ఉన్న మైనపు పూతను కూడా తీసుకొనిపోతుంది. వారంవారం వాడదగినది కాదు. కుంకుడురసం మీద నాకు పక్షపాతం ఉన్నది. మా అమ్మీ పట్టుచీరలను దానితోనే జాడించేది. నురుగూ జారుడూ రెండూ బాగానే వస్తాయి. అయినా ఎంత వడకట్టినా నలుసులు మిగులుతాయి, రెండవ రోజుకు పులిసిపోతుంది. చీరలకే ఉంచుదాము.

మిగిలినది కార్ల కోసం చేసిన షాంపూ. ఆమ్లమూ క్షారమూ కాని తటస్థ గుణం గల దానిని, అనగా పీహెచ్ ఏడుకు దగ్గరగా ఉన్నదానిని ఎంచుకోవాలి. చిక్కగా ఉన్నదే బలమైనదని భ్రమపడరాదు. చాలా షాంపూలను చిక్కబరచేది కాస్తంత ఉప్పే. నురుగు విస్తారంగా రావడమూ ప్రమాణం కాదు. నురుగు నిలవడానికి వేరే పదార్థాలు కలుపుతారు. నేను మా మేనల్లుడికి చెప్పిన పరీక్ష చాలా సులువైనది. సీసా మీద చెప్పిన కొలత ప్రకారం, మన ఇంటి నీటిలోనే, ఒక చెంబెడు కలపాలి. వేళ్ళను అందులో ముంచి బొటనవేలితో రుద్ది చూడాలి. ఉత్త నీటికీ దానికీ తేడా వెంటనే తెలియాలి, పదిసార్లు రుద్దినా జారుడు తగ్గకూడదు. తరువాత ఆ నీటి చుక్కలు కొన్ని ఒక అద్దం మీద వేసి, మంచినీటితో కడిగి, ఆరనివ్వాలి. అంటుకొనే పొర మిగిలితే ఆ షాంపూ వద్దు. కడిగినప్పుడు జారుడు, కడిగేసిన తరువాత ఏమీ మిగలకపోవడం: నాకు కావలసినది ఈ రెండే.

మరి కడిగిన తరువాత నునుపు? శుభ్రమైన రంగుకు తనదైన నునుపు కొంత ఉంటుంది. పూత ఏదీ లేని శుభ్రమైన రంగు మీద తడివేలు రాస్తే కిచకిచమంటుంది. అది లోపం కాదు. కడిగిన పళ్ళెం కూడా అట్లే పలుకుతుంది. ఆ పైన వేళ్ళు జారిపోయేంత నునుపు కావాలంటే ఏదో ఒక పదార్థం రంగు మీద మిగలాలి. కొన్ని షాంపూలలో మైనమో సిలికోన్ సంబంధమైన పదార్థమో కలుపుతారు. బ్రెజిల్ దేశంలో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుండి తీసే కార్నౌబా మైనం వీటిలో పేరుపడినది. తాళ్ళూ కొబ్బరిచెట్లూ కమ్ముకున్న కోనసీమలో కారుకు పూసుకొనే మైనం మరో ఖండపు తాటాకు నుండి వస్తుందంటే వినడానికి చిత్రంగా ఉంటుంది. దానివల్ల వాన చుక్కలు ముత్యాల్లా దొర్లిపోతాయి, దుమ్ము కొంత తక్కువగా పడుతుంది. పూయడం తప్పేమీ కాదు. కాని షాంపూతో వచ్చిన ఆ పూత కొద్ది వారాల అతిథి. ఇసుక ఇంకా అంటుకొని ఉన్న రంగు మీద దానిని పూస్తే మురికికి మెరుగు పెట్టినట్లే. పలుచని ప్లాస్టిక్ సంచిని చేతికి తొడుక్కొని రంగును తాకి చూడండి. చర్మానికి నున్నగా తోచినచోట కూడా గరుకు తెలుస్తుంది.

నీటి సంగతి చెప్పకుండా ఈ విషయాన్ని దాటలేను. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటినుండి ఈ డెల్టా కాలువల మీదనే బ్రతుకుతున్నది. అవి పంట కాలువలే కావు, త్రాగునీటి కాలువలు కూడా. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేసే ముందు ఊరూరా మంచినీటి చెరువులు నింపుకుంటారు. ఆ కాలువ రేవులోకే కారును దించి, సబ్బు నురుగును నీటిలోకి వదలడం మనకు తప్పుగా తోచదు. పారే నీరు కదా అంటాము. ఆ నీరు పారేది కిందిఊరి చెరువులోకే. జనం నీళ్ళు తెచ్చుకొనే రేవులలోనూ, దారి నడుమనూ, నీడ పట్టునా మలవిసర్జన చేయవద్దని దైవప్రవక్త (స) గట్టిగా హెచ్చరించిన హదీసు అబూదావూద్‌లో ఉన్నది. నురుగును దానితో సమానం చేయడం నా ఉద్దేశం కాదు. కాని నీళ్ళరేవు పదిమందిదన్న భావం అందులో ఉన్నది, దానిని నేను కాలువగట్టు మీద మరచిపోలేను.

ఇక ఎంత నీరు? హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం ప్రకారం దైవప్రవక్త (స) ఒక ‘ముద్’ నీటితో వుజూ చేసేవారు. ముద్ అంటే మనిషి రెండు చేతులూ కలిపి పట్టిన దోసెడు. నాలుగైదు ముద్‌లతో స్నానం ముగించేవారు. నేను మా కుళాయి కింద పదిహేను లీటర్ల బకెట్ పెట్టి చూశాను. నిమిషంన్నరలో నిండింది. గొట్టం పట్టుకొని అరగంట కారు కడిగితే మూడువందల లీటర్లు. మా మేనల్లుడు ఇప్పుడు నాలుగు బకెట్లతో సరిపెడుతున్నాడు. ఒకటి ముందుగా దుమ్ము జారిపోవడానికి, ఒకటి షాంపూ నీటికి, ఒకటి మురికిగుడ్డ జాడించుకోవడానికి, చివరిది కడిగివేయడానికి. గుడ్డను షాంపూ నీటిలో మళ్ళీ ముంచబోయే ముందు ప్రతిసారీ జాడింపు బకెట్‌లో పిండుతాడు. పైకప్పు నుండి కిందికి, నీడలో, గుండ్రంగా తిప్పకుండా నిలువుగా. వాడిన నీరు పెరట్లో ఒక మూల గుంటలోకి పోతుంది.

ఆరేళ్ళు నడిచిన తరువాత మొన్న శీతకాలంలో ఆ కారును అమ్మదలచాడు. అంతకు రెండేళ్ళ క్రితం వెనుక ఎడమ తలుపు ఒక ట్రాక్టరు తగిలి నొక్కుకొనిపోతే కొత్త రంగు వేయించాడు. చూపుకు తేడా కనిపించదు. తాకితే మాత్రం నారింజ తొక్క మీద చేయి పెట్టినట్లు ఉంటుంది. మధ్యవర్తి ఒకడు ఒక సీసా తెచ్చాడు. దానిని పూస్తే గీతలు పూడిపోతాయట, ఆ తలుపు కూడా మిగిలిన తలుపులంత నున్నగా జారుతుందట. నెలరోజులు నిలుస్తుంది, ఈలోగా బేరం తెగిపోతుంది అన్నాడు.

మనవాళ్ళు ధాన్యం అమ్మేవారు. కొనుగోలు కేంద్రంలో తేమ పదిహేడు శాతం దాటితే ఏమవుతుందో ఎవరికీ చెప్పనక్కరలేదు. మదీనా బజారులో దైవప్రవక్త (స) ఒక ధాన్యపు రాశిలోకి చేయి పోనిచ్చినప్పుడు వేళ్ళకు తడి తగిలింది. వానకు తడిసిందని అమ్మేవాడు చెప్పాడు. జనానికి కనిపించేటట్లు ఆ తడిసినదానిని పైన ఎందుకు పెట్టలేదని ఆయన అడిగారు, మోసగించేవాడు తనవాడు కాడన్నారు. సహీహ్ ముస్లింలోని ఈ హదీసు మా మేనల్లుడికి చిన్ననాటినుండి తెలిసినదే. నేను గుర్తు చేయనవసరం లేకపోయింది. సీసా మూత తీయకుండానే మధ్యవర్తికి తిరిగి ఇచ్చివేశాడు. “బండి ఎట్లున్నదో అట్లే చూపిస్తాను” అన్నాడు. మధ్యవర్తి చాలాసేపు వాదించాడు. ఆ పదిహేను వేలు తగ్గితే తన కమీషనూ తగ్గుతుందన్నది అతని బాధ. ఇంట్లో కూడా అందరూ ఒక మాట మీద లేరు. చెల్లెలి పెళ్ళి దగ్గరపడుతున్నది, పదిహేను వేలు చిన్న మొత్తం కాదు.

కొనడానికి రాజోలు నుండి ఇరవై నాలుగేళ్ళ కుర్రవాడు తండ్రితో కలిసి వచ్చాడు. అతనూ కిరాయికి నడుపుకోవడానికే. మా మేనల్లుడు కారును ఎండలోకి తెచ్చి నిలబెట్టాడు. ముందుగా వెనుక తలుపు దగ్గరకు తీసుకొనిపోయి, “ఇక్కడ చేయి పెట్టి చూడండి భాయ్” అన్నాడు. ఆ కుర్రవాడు రెండు తలుపులనూ మార్చి మార్చి తాకాడు. తండ్రి రంగు వేయించిన చీటీ అడిగి చూశాడు. బేరం పద్నాలుగు వేలు తగ్గి కుదిరింది.

తాళాలు ఇచ్చేటప్పుడు మిగిలిన సగం సీసా షాంపూ, మైక్రోఫైబర్ గుడ్డలు రెండు కూడా వెనుక సీటులో పెట్టాడు. రాజోలు వైపు బోరు నీరు ఉప్పన. దానితో కడిగితే చుక్కలు ఆరకముందే తుడిచివేయాలని, ఆరితే తెల్లని మరకలు రంగును పట్టుకుంటాయని, వీలైతే చివరి బకెట్ వాననీటిది వాడమని కారు కదిలేంతవరకూ కిటికీ పట్టుకొని చెబుతూనే ఉన్నాడు.