నోర్జే బండి: ఒక గ్యారేజీ డైరీ

జనవరి 14, లెక్కో

భోగి. ఊళ్ళో రోడ్లన్నిటి మీదా ఉప్పు. మంచు గడ్డకట్టకుండా చల్లే ఈ ఉప్పు నట్లనీ బోల్టులనీ తినేస్తుంది కాబట్టి నవంబరు చివర్లోనే బండిని గ్యారేజీలో పెట్టేశాను. ఇన్సూరెన్సు కూడా ఆపించాను. ఇటలీలో మోటార్‌సైకిళ్ళకి ఆ వెసులుబాటు ఉంది. నడపని నెలలు గడువు చివర కలుస్తాయి. బ్యాటరీకి చార్జర్ తగిలించే ఉంది.

బండి మోటో గుజ్జి వాళ్ళ నోర్జే 1200, 2007 మోడల్. 1151 సీసీ, రెండు సిలిండర్లు, 95 హార్స్‌పవర్. సామాను పెట్టెలు కట్టుకుని దూరాలు పోవడానికి చేసిన బండి. చదువు ముగించి మొదటి ఉద్యోగంలో కుదురుకున్నాక సెకండ్ హ్యాండులో కొన్నాను. తర్వాత ఇల్లు మారింది, ఉద్యోగం మారింది, ఇది మాత్రం మారలేదు.

జనవరి 16

కనుమ. తెనాలి నుంచి నాన్న ఫోను.

“ఏరా, ఆ బండి ఇంకా అమ్మలేదా?”

“లేదు నాన్నా.”

“అసలు ఆ కంపెనీ ఉందా?”

“ఉంది. ఇప్పుడు పియాజియో వాళ్ళది. 2004లో అప్రిలియాని కొన్నప్పుడు ఇదీ దాంతోపాటే వాళ్ళ చేతికొచ్చింది.”

“పియాజియో అంటే మన ఆపే ఆటోల వాళ్ళేగా?”

“వాళ్ళే.”

“ఆ ముక్క ముందే చెప్పవేం! పొద్దున బజారుకి దాంట్లోనే వెళ్ళొచ్చా.”

నా బండి మీద ఆయనకి గౌరవం పెరిగిందో తగ్గిందో అర్థం కాలేదు. ఆయన ఏళ్ళ తరబడి నడిపిన చేతక్ కూడా ఆ వంశమే. బజాజ్ 1971 దాకా పియాజియో లైసెన్సు మీద వెస్పాలు తయారుచేసింది. ఆ తర్వాత వచ్చిన చేతక్‌కి మూలం వెస్పా స్ప్రింట్. రోజూ పొద్దున పక్కకి వంచి కిక్కు కొట్టిన ఆ స్కూటర్ని నాన్న ఏనాడూ అనుమానించలేదు. ఇటలీ బండ్లని నమ్మకూడదన్న మాట మాత్రం అందరిలాగే ఆయనా అంటారు.

ఫిబ్రవరి 17

వాల్వు క్లియరెన్సులు. ప్రతి పదివేల కిలోమీటర్లకీ చూసుకోవాల్సిన పని. ఇంజన్ చల్లగా ఉండాలి. ఈ గ్యారేజీలో ఫిబ్రవరిలో ఆ చింత లేదు.

ఈ ఇంజన్లో క్రాంక్‌షాఫ్టు బండి పొడవునా పడుకుని ఉంటుంది. అందుకే సిలిండర్లు రెండూ 90 డిగ్రీల కోణంలో చెరో పక్కకీ పొడుచుకొచ్చి, వాల్వు కవర్లు సరిగ్గా చేతికందే చోట ఉంటాయి. చాలా నాలుగు సిలిండర్ల బండ్లలో ఇదే పనికి ట్యాంకు దింపాలి, క్యామ్‌షాఫ్టులు తియ్యాలి, షిమ్ములు మార్చాలి. ఇక్కడ రాకర్ కొసన ఒక స్క్రూ, దాని మీద లాక్ నట్టు. మొత్తం వాల్వులు నాలుగే.

సెంటర్ స్టాండు వేసి, ప్లగ్గులు తీసి, ఆరో గేరులో పెట్టి వెనక చక్రం చేత్తో తిప్పితే పిస్టన్ పైకొస్తుంది. ఇన్‌లెట్‌కి 0.10 మిల్లీమీటర్లు, ఎగ్జాస్టుకి 0.15. ఫీలర్ గేజ్ రేకు లాగితే కొత్త పేక కట్టలోంచి ముక్క లాగినంత బిగువు తగలాలి. అసలు తిరకాసు ఆ తర్వాత ఉంది: లాక్ నట్టు బిగిస్తుంటే స్క్రూ కూడా వెంట తిరిగి సందు మారిపోతుంది. స్క్రూని స్క్రూడ్రైవర్‌తో కదలకుండా పట్టుకుని నట్టు బిగించి, మళ్ళీ రేకు పెట్టి చూడాలి.

ఎడమ పక్క ఎగ్జాస్టు కాస్త బిగుసుకుంది. వదులైన వాల్వు టిక్కుటిక్కుమని చెప్పుకుంటుంది. బిగుసుకున్నది నోరెత్తదు, సీటు మీద పూర్తిగా కూర్చోలేక, వేడి దిగక, ఒకరోజు కాలిపోతుంది. కాస్త చప్పుడు చేసే ఇంజనే నాకు నిశ్చింత.

మార్చి 9

ఇన్సూరెన్సు తిరిగి మొదలైంది. రివిజియోనే. అంటే మన ఫిట్‌నెస్ పరీక్ష. ఇక్కడ కొత్త బండికి నాలుగేళ్ళకి మొదటిసారి, తర్వాత రెండేళ్ళకోసారి. ఫీజు 79 యూరోల 2 సెంట్లు. బ్రేకులు, లైట్లు, హారను, పొగ, చప్పుడు చూశారు. పాసయింది.

బయట వరసలో నా ముందు నిలబడ్డవి చాలావరకు నా బండి కంటే కొత్తవి. ఒకదానికి వెనక బ్రేకు పట్టలేదని వెనక్కి పంపారు. నడపక మూలన పడేసిన బండి అది, చూస్తేనే తెలుస్తోంది. పాతబడటం వేరు, పాడవటం వేరు.

మార్చి 30

మా ఊరి సరస్సు పక్కనే వరెన్నా దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి పంటు మీద బెల్లాజియో దాటి, కొండ మీద గిసాల్లో దాకా. 754 మీటర్ల ఎత్తులో చిన్న గుడి. అక్కడి మాతని 1949లో పోపు సైకిలు తొక్కేవాళ్ళ రక్షకురాలిగా ప్రకటించాడు. లోపలి గోడలకి పాత రేసు సైకిళ్ళు వేలాడుతుంటాయి. మోటారువాళ్ళం బయట నిలబడి దణ్ణం పెట్టుకుంటాం.

తిరుగుప్రయాణంలో పంటు ఎక్కేముందు స్టార్టర్ బటన్ నొక్కితే ‘టక్’. అంతే. రెండోసారి నొక్కితే లేచింది.

మార్చి 31

నిన్నటి ‘టక్’ సంగతి. మీటరు పెట్టి చూశాను. బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు, స్టార్టర్ సోలినాయిడ్‌ని లేపే వైరు దగ్గర అందులో రెండు వోల్టులు తక్కువ. కరెంటు తాళం చెవి స్విచ్చులోంచి, అక్కణ్ణుంచి కనెక్టర్లలోంచి, రిలేలోంచి తిరిగి తిరిగి వస్తోంది. ఇన్నేళ్ళ తేమకి కనెక్టరు పిన్నుల మీద పచ్చగా చిలుం. గీకి, శుభ్రం చేసి, బ్యాటరీ నుంచి రిలేకి మధ్యలో ఫ్యూజు పెట్టి నేరుగా ఒక వైరు లాగాను. ఖర్చు రెండు కాఫీలంత.

ఇలాంటిదే ఏ వర్క్‌షాపులోనైనా అయితే ముందు బ్యాటరీ మారుస్తారు, తర్వాత స్టార్టర్ మోటారు మారుస్తారు, ఆ తర్వాత కంపెనీని తిడతారు. పాత బండిలో కరెంటు జబ్బుల్లో చాలావాటికి మందు గరుకు కాగితం, ఓపిక.

ఏప్రిల్ 21

పాలిటెక్నికో యూనివర్సిటీ లెక్కో క్యాంపస్‌లో చదివే కరీంనగర్ కుర్రాడు వచ్చాడు. బండి స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తిప్పి చూపించాను.

“అన్నా, గిదేంది? కుడి దిక్కు ఒరుగుతుంది!”

క్రాంక్‌షాఫ్టు పొడవునా ఉండటం వల్ల వచ్చే గుణమే అది. ఇంజన్ ఒక్కసారి వేగం అందుకుంటే బండి మొత్తం కుడివైపుకి చిన్నగా ఊగుతుంది. పరుగులో ఉంటే తెలియదు.

“నేను గూడ ఒకటి కొందామనుకుంటున్న అన్నా. ఇండియా లైసెన్సుంది నాకు.”

ఆ లైసెన్సు ఇక్కడ నివాసం నమోదైన ఏడాది దాకానే చెల్లుతుంది. ఇటలీతో లైసెన్సు మార్పిడి ఒప్పందం ఉన్న దేశాల్లో మనం లేం. కొత్తగా పరీక్ష రాయాల్సిందే, అదీ ఇటాలియన్‌లో: ముప్పై వాక్యాలు, ఏది ఒప్పో ఏది తప్పో గుర్తుపట్టాలి, ఇరవై నిమిషాలు, మూడు తప్పుల దాకా క్షమ. పైగా ఇంత పెద్ద బండికి ‘ఏ’ లైసెన్సు కావాలి; నేరుగా తీసుకోవాలంటే 24 ఏళ్ళు నిండాలి. అంతలోపు ‘ఏ2’తో 35 కిలోవాట్ల దాకా నడుపుకోవచ్చు. నాది 70.

“గట్లయితె ముందుగాల భాష నేర్సుకోవాలె,” అన్నాడు. తెలివైనవాడు.

మే 19

మాండెల్లో దెల్ లారియో. మా ఊరికి ఉత్తరంగా పది కిలోమీటర్లు. 1921 నుంచి మోటో గుజ్జి బండ్లు ఇక్కడే తయారవుతున్నాయి. ఫ్యాక్టరీ గేటు ముందు ఆదివారం పూట ఎవరో ఒకరు బండి నిలబెట్టి ఫోటో తీసుకుంటూనే ఉంటారు.

కంపెనీ ఆలోచన మొదటి ప్రపంచ యుద్ధంలో ఇటలీ నౌకాదళ వైమానిక విభాగంలో పుట్టింది. కార్లో గుజ్జి మెకానిక్కు. జోర్జో పరోది, జొవన్ని రవెల్లి పైలట్లు. యుద్ధం అయ్యాక ముగ్గురూ కలిసి మోటార్‌సైకిళ్ళు చెయ్యాలనుకున్నారు. 1919లో విమాన ప్రమాదంలో రవెల్లి పోయాడు. మిగిలిన ఇద్దరూ అతని జ్ఞాపకంగా రెక్కలు విప్పిన గద్దని గుర్తుగా పెట్టుకున్నారు. నా ట్యాంకు మీద ఉన్నది ఆ గద్దే.

నోర్జే పేరు వెనక కార్లో అన్న జుసెప్పె ఉన్నాడు. వెనక చక్రానికి స్ప్రింగులు లేని మోటార్‌సైకిళ్ళే ఎక్కువగా ఉన్న కాలంలో, స్ప్రింగుల ఫ్రేముతో చేసిన 500 సీసీ జీటీ మీద 1928లో ఆయన ఇక్కణ్ణుంచి ఆర్కిటిక్ వలయం దాకా వెళ్ళాడు. ప్రచారం కోసమే వెళ్ళాడనుకున్నా, అప్పటి మట్టిరోడ్ల మీద అంత దూరం నడిపినవాడికి స్ప్రింగుల విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ యాత్రతో జీటీకి నోర్జే, అంటే నార్వే, అన్న పేరొచ్చింది; 2006లో కొత్త టూరింగ్ బండికి ఆ పేరే పెట్టారు.

జూలై 6

స్టెల్వియో కనుమ, 2757 మీటర్లు. సోంద్రియో, తిరానో, బోర్మియో మీదుగా ఎక్కి, త్రఫోయ్ వైపు దిగాను. ఆ వైపు 48 హెయిర్‌పిన్ మలుపులు, ప్రతి మలుపుకీ అంకె వేసిన రాయి. ఎక్కేవాళ్ళకి 48 నుంచి ఒకటికి తగ్గుతాయి, దిగేవాళ్ళకి పెరుగుతాయి. ఆస్ట్రియా పాలనలో కార్లో దొనెగాని అనే ఇంజనీరు 1820–25 మధ్య గుర్రబ్బండ్ల కోసం వేసిన రోడ్డు. ఒంపులు అంత బిగువుగా ఉన్నా ఎత్తు మాత్రం ఎక్కడా మరీ నిటారుగా అనిపించదు. గుర్రం ఆయాసం లెక్కేసి గీసిన గీత.

పెట్రోలూ నూనెలూ లేకుండానే 246 కిలోల బండి, పైన పెట్టెలు. మలుపులో చూపు రాయి మీద కాదు, తర్వాతి రోడ్డు మీద ఉండాలి. దిగేటప్పుడు రెండో గేరులో పెడితే ఇంజనే సగం బ్రేకు.

ఈ బండికి చైను లేదు, షాఫ్టు. పాత షాఫ్టు గుజ్జిల్లో యాక్సిలరేటర్ తిప్పగానే వెనక భాగం పైకి లేచేది, వదిలితే కుంగేది. 2005లో బ్రెవా 1100తో వచ్చిన కొత్త అమరికలో వెనక చక్రం దగ్గరి గేరు పెట్టెని విడిగా ఒక కడ్డీతో పట్టి ఉంచారు, ఆ లేవడం కుంగడం చాలా తగ్గిపోయింది. చైనుకి నూనె రాస్తూ చేతులు నల్లగా చేసుకుంటున్న పక్క బండి అబ్బాయి నా చక్రం కేసి కాస్త అసూయగా చూశాడు.

ఆగస్టు 15

మనకి జెండా పండుగ, వీళ్ళకి ఫెర్రాగోస్తో. దేశం మొత్తం సముద్రం ఒడ్డునో కొండ మీదో ఉంది. నా బండి గ్యారేజీలో ఉంది. వారం నుంచి ఐడ్లింగులో వణుకు. ఇంజన్ నడుస్తుండగా ఇన్‌లెట్ రబ్బరు గొట్టం చుట్టూ సబ్బునీళ్ళు చిలకరిస్తే చప్పుడు మారింది: కంటికి కనపడని పగులు, గాలి పీలుస్తోంది. ఎండకి, వేడికి, వయసుకి రబ్బరు ఎండిపోయింది. ఫోను చేసిన షాపువాళ్ళు సెప్టెంబరులో కనపడమన్నారు. ఆగస్టులో ఇటలీలో జబ్బు పడకూడదు, మనిషైనా బండైనా.

సాయంత్రం తెలుగు వాళ్ళందరం సరస్సు ఒడ్డున పులిహోర తిన్నాం. నేను బస్సులో వెళ్ళాను.

సెప్టెంబరు, రెండో వారం

రబ్బర్లు రెండూ మార్చాను, కుడిది బాగానే ఉన్నా సరే. ఒకటి పోయిందంటే దాని జోడీ వయసు కూడా అంతేగా.

మాండెల్లోలో ఏటా జరిగే గుజ్జి పండుగ. ఇరుకు వీధుల నిండా యూరప్ నలుమూలల నంబరు ప్లేట్లు. ఇక్కడ ఎవరూ మెరుపు చూడరు, మీటరు రీడింగు చూస్తారు. లక్షన్నర దాటిన నోర్జే ఒకటి కనపడింది. పెట్టెల నిండా గీతలు, ఇంజన్ పొడిగా, ఒక్క నూనె చుక్క కారకుండా. ఓనరు జర్మన్. ఎలా చూసుకుంటారని అడిగితే సీటు కింద నుంచి ఒక నోటు పుస్తకం తీసి ఇచ్చాడు. తేదీ, కిలోమీటర్లు, చేసిన పని. అంతకు మించి అందులో ఏమీ లేదు.

అక్టోబరు 27

చలికాలం ముందు పనులు. వెనక సస్పెన్షన్ లింకు విప్పి, సూది బేరింగులకి గ్రీజు. కనపడని చోట ఉంటాయి కాబట్టి ఎవరూ చూడరు, ఎండిపోయి తుప్పు పట్టాక వెనక భాగం కడ్డీలా అయిపోతుంది. ఇంజన్ ఆయిలు 10డబ్ల్యూ-60. గేర్‌బాక్సుకీ వెనక షాఫ్టుకీ వేరే వేరే నూనెలు. బ్రేకు ఫ్లూయిడ్ రెండేళ్ళకోసారి, ముదురు రంగుకి తిరిగినా తిరక్కపోయినా.

నవంబరు 30

బండి లోపలికి వెళ్ళింది. ఏడాది లెక్క చూశాను. రోడ్డు పన్ను డెబ్భై యూరోల పైన, రివిజియోనే, ఇన్సూరెన్సు, నూనెలు, రెండు రబ్బర్లు, మూరెడు వైరు. కొత్త టూరింగ్ బండికి మొదటి ఏడాదిలో పడిపోయే విలువ దీనికి చాలా రెట్లు.

కరీంనగర్ కుర్రాడు అడిగాడని రాసిపెడుతున్నాను, ఇంకెవరికైనా పనికొస్తే సరే. పాత నోర్జే కొనాలంటే రెండు రకాలున్నాయి: 2006 నుంచి వచ్చిన నాలుగు వాల్వులది, 2011 నుంచి వచ్చిన ఎనిమిది వాల్వులది. రెండోదాంట్లో మొదటి ఇంజన్లకి ఫ్లాట్ ట్యాపెట్లు, తర్వాతివాటికి రోలర్ ట్యాపెట్లు. ఏది ఉందో, మార్పించారో లేదో అడిగి తెలుసుకోండి. వెనక చక్రం పట్టుకుని పైకీ కిందకీ కదిపి చూడండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చెయ్యమనండి. మీరు వెళ్ళేసరికే వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పండి. టైరు పక్కన నాలుగంకెల తేదీ చదవండి: 2319 అంటే 2019లో 23వ వారం. అన్నిటికంటే ముందు సర్వీసు బిల్లులో, చేత్తో రాసుకున్న పుస్తకమో అడగండి. అవి లేని బండి ఎంత తళతళలాడుతున్నా, ఎంత చవగ్గా వస్తున్నా, తీసుకోకండి.