అల్గోల్‌లో ప్రజాతీర్పు

జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో నేల చాలాచోట్ల ఎర్రగా ఉంటుంది. సంగారెడ్డి జిల్లాలోని ఈ మెట్ట ప్రాంతంలో పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పనిచేస్తోంది. దాని సంఘాల్లో ఉన్నవాళ్లు ఎక్కువగా దళిత మహిళా రైతులు. ఊరివాళ్లే పరిశోధకులైతే పని ఎలా సాగుతుందో చూడాలని అక్కడికి వెళ్లాం.

వేపచెట్టు కింద అలికిన నేల మీద ఓ పెద్దామె ముగ్గుపిండితో ఊరి పటం వేస్తోంది. చెరువు ఉన్నచోట ఆకులు పరిచింది, రాతి చెల్కల దగ్గర గులకరాళ్లు పోసింది. పక్కనున్నామె ఒప్పుకోలేదు. గీత చెరిపి, కాస్త జరిపి మళ్లీ వేశారు. తర్వాత పంటల వంతు. జొన్న, కొర్ర, కంది, పత్తి వరసగా పెట్టి, ఇంటి తిండికి ఏది అక్కరకొస్తుందో, పశువుల మేతకు ఏదో, చేతికి డబ్బు ఏది తెస్తుందో చింతగింజలతో లెక్క కట్టారు. డబ్బు వరసలో పత్తికి గుప్పెడు గింజలు పడ్డాయి, మేత వరసలో ఒక్కటీ పడలేదు. చదువు రానివాళ్లు కూడా వాదించి దిద్దగలగడమే ఈ పద్ధతి బలం.

"ఇదంత రాసుకపోయి మల్లెప్పుడొస్తరు?" అని ఒకామె అడిగింది. అసలు చిక్కు అక్కడే ఉంది. కూలికి పోయేవాళ్లు పగటి సమావేశానికి రాలేరు. వస్తే ఆనాటి కూలి పోతుంది. రచ్చబండ దగ్గర కూర్చోబెడితే భూమున్న మగవాళ్లే మాట్లాడతారు. ఏం అడగాలో బయటివాళ్లు ముందే ఖాయం చేసుకుని వస్తే, ముగ్గు వేసినా గింజలు పోసినా అది పాత సర్వేనే.

ప్రశ్నలు ఊరివాళ్లే అడిగిన సందర్భమూ ఒకటుంది. ఇక్కడి అల్గోల్ ఊళ్లో 2001 జూన్‌లో 'ప్రజాతీర్పు' జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మెకిన్సే సంస్థతో తయారు చేయించిన విజన్ 2020 అభివృద్ధి పత్రాన్ని 19 మంది జ్యూరీ విచారించింది. వారిలో చిన్న, సన్నకారు రైతులు ఎక్కువ, మూడింట రెండొంతులకు పైగా మహిళలు. వ్యవసాయానికి మూడు రకాల భవిష్యత్తులను వీడియోల్లో చూశారు. సాక్షులుగా వచ్చిన అధికారులను, శాస్త్రవేత్తలను నిలదీశారు. భూమి మీద బతికేవాళ్లను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గిస్తామన్న ఆలోచనను తోసిపుచ్చారు. జన్యుమార్పిడి పంటలు, కాంట్రాక్టు సేద్యం, కూలీల పని లాక్కునే యంత్రాలు వద్దన్నారు. నేల, విత్తనం ఊరి చేతిలోనే ఉండాలన్నారు.

అప్పట్లో ఆ రాష్ట్రానికి నిధులిస్తున్న బ్రిటన్ అభివృద్ధి శాఖ ఆ విచారణ పక్షపాతంగా సాగిందని తప్పుపట్టింది. జ్యూరీని ఎవరు ఎంపిక చేశారు, వీడియోలు ఎవరు తీశారు అన్నవి న్యాయమైన ప్రశ్నలే. నిర్వాహకుల్లో జన్యుమార్పిడి పంటలను బాహాటంగా వ్యతిరేకించేవాళ్లున్నారు. అందుకే బయటివారితో పర్యవేక్షక మండలి వేశారు, విచారణను వీడియో తీయించారు. కానీ లక్షల కుటుంబాల బతుకుదెరువును మార్చబోయే విజన్ 2020 విషయంలోనూ అలాంటి ప్రశ్నలే అంతే గట్టిగా అడగాల్సింది. అడగకపోవడం అన్యాయం.

ఫలితాలు ఊరికి తిరిగి చేర్చడంలో మాత్రం ఈ సంఘాలు చాలా దూరం వచ్చాయి. వరంగల్ బీటీ పత్తి రైతుల గోడును 2003లో సినిమాగా తీసింది కెమెరా పట్టడం నేర్చుకున్న ఇక్కడి మహిళలే. మాచ్‌నూర్‌లో 2008 అక్టోబరు 15న మొదలైన సంఘం రేడియోనూ వాళ్లే నడుపుతున్నారు. ఇంగ్లిష్ నివేదికలో మూసుకుపోయే సంగతులు అక్కడ వాళ్ల యాసలోనే వినిపిస్తాయి.

మన విశ్వవిద్యాలయాల నుంచి ఏటా ఎందరో విద్యార్థులు ప్రశ్నపత్రాలతో పల్లెలకు వెళ్తున్నారు. వాళ్ల బడ్జెట్‌లో ఊరివాళ్ల కూలి డబ్బులు చేర్చండి. తేల్చిన సంగతిని తెలుగులో రాసి, ఆ ఊరి సభలో చదివి, అభ్యంతరాలు నమోదు చేశాకే థీసిస్ తీసుకోండి.